దేని జత దానికే

"ఎడ్లను పొద్దున అరకకు కడతాం, మధ్యాహ్నం బండికి కడతాం. ఎడ్లు మారవు, వెనక తగిలించేదే మారుద్ది. నా డ్రోనూ అంతే," అని అంకారావు నకరికల్లు రైతులకు చెప్పేవాడు.

"ఎడ్లు మేత తింటయ్యి. మరి మీ డ్రోనుకి కరెంటు మేపాలా సారూ?" అని ఎవరో ఒకరు అనేవారు. అందరితో పాటు ఆయనా నవ్వేవాడు.

పాలిటెక్నిక్‌లో ఇరవై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయి మూడేళ్లు. ఆమె పోయాక నరసరావుపేట ఇంట్లో ముందుగది ఖాళీగా చూడలేక అక్కడో బల్ల వేశాడు. బల్ల మీదికి పనిముట్లు చేరాయి. ఆ పనిముట్ల మధ్య డ్రోను పుట్టింది. ఆయన దగ్గర చదువుకున్న హఫ్సా ఉద్యోగం మానుకుని వచ్చి చేరింది. ఎగరేయడం, వైర్లు, ప్రోగ్రాములు ఆమెవి. అల్యూమినియం పని అంకారావుది.

డ్రోను బాడీ ఒకటే. దాని కింద పళ్లెమంత గుండ్రటి గూడు. కింద తగిలించే ప్రతి పెట్టెకూ పైన మూడు చెవులు. చెవులను గూట్లో పెట్టి పావు చుట్టు తిప్పితే టక్కుమని తాళం పడుతుంది. మందు ట్యాంకు తగిలిస్తే మిరపతోటకు మందు కొడుతుంది. కెమెరా పెట్టె తగిలిస్తే పిడుగురాళ్ల క్వారీలో ఎంత రాయి తవ్వారో కొలుస్తుంది. కొక్కెం పెట్టె తగిలిస్తే నాలుగు కిలోల బరువు మోసుకెళ్లి, మీట నొక్కగానే కింద వదులుతుంది. తాళం పూర్తిగా పడితే తప్ప మోటార్లకు కరెంటు అందదు. ఆ ఏర్పాటు అంకారావే చేశాడు. మొదటి నమూనా రోజుల్లో ఒక పెట్టె ఊడి, కలుపు తీస్తున్న ఆడవాళ్లకు బారెడు దూరంలో పడింది. అప్పటి నుంచి ఆ విషయంలో ఆయన ఎవరి మాటా వినలేదు.

నమూనా కుదిరాక ఆరు బాడీలు, మందు ట్యాంకులతో కలిపి ఆరు పెట్టెలు చేయించాడు. చేసింది పిడుగురాళ్ల హైవే పక్కన లేత్ షాపు ఫహీమ్ భాయ్. ముప్పై ఏళ్లుగా లారీల పని. సున్నం బట్టీల దుమ్ము పడి ఆ షాపులో మిషన్లూ మనుషులూ ఒకే రంగులో ఉంటారు.

"ఏంది సార్ ఇది? వెంట్రుకలో సగం సందు వదలమని గీశారు. సందు వదిలితే గాల్లో గడగడా కొట్టుకోదా?" అన్నాడు ఫహీమ్, కాగితాన్ని వెలుతురుకు పట్టి.

"కొట్టుకోకూడదు భాయ్. ఒక్క పిసరు కూడా కదలకూడదు."

"అదీ మాట! ఆ మాట చెప్పండి చాలు, నాకు తెలుసు. ఈ అంకెలు మీ పిల్లలకి చెప్పుకోండి."

నెల తిరక్కుండా సరుకు వచ్చింది. ప్రతి బాడీ మీదా, దానితో వచ్చిన పెట్టె మీదా పంచ్‌తో కొట్టిన చుక్కలు. ఒక దానికి ఒకటి, ఇంకో దానికి రెండు, అలా ఆరు దాకా. నంబర్లు వేశాడు కాబోలు, శ్రద్ధ గల మనిషి అనుకున్నాడు అంకారావు. ఒక చుక్క పెట్టెను ఒక చుక్క బాడీకి, రెండు చుక్కలదాన్ని రెండు చుక్కలదానికి పెట్టి చూశారు. ఆరూ తియ్యగా పడ్డాయి. మార్చి చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. నమూనాకు అన్ని పెట్టెలూ పట్టాయి కదా అన్న ధీమా. పైగా మిరపకు తెగులు తగిలిన రోజులు, మందు ట్యాంకులు కిందికి దించే తీరికే లేకపోయింది.

అక్టోబరులో రెండు రోజులు వాన కొట్టి మూడో రోజు తెరిపిచ్చింది. హఫ్సా నాలుగు చుక్కల బాడీ తీసుకుని నకరికల్లు వైపు మందు కొట్టడానికి వెళ్లింది. పదకొండు దాటాక ఆమె ఫోను.

"సార్, పక్క ఊళ్లో వాగు పొంగింది. ఒకాయన మోటారు షెడ్డు మీద చిక్కుకుపోయాడు. పడవ వాళ్లు బయల్దేరారంట, అటు రోడ్లు తెగి చుట్టూ తిరిగి రావాలి, రెండు గంటలు పట్టుద్దంట. కొక్కెం పెట్టె తెస్తారా? లైఫ్ జాకెట్టు, తాడు ఇక్కడ దొరికాయి, అందించొచ్చు."

కొక్కెం పెట్టె మీద రెండు చుక్కలు. రెండు చుక్కల బాడీ మోటారు కాలిపోయి విజయవాడలో రిపేరులో ఉంది. అంకారావు దాని గురించి క్షణం కూడా ఆలోచించలేదు. ఇలాంటి రోజు కోసమే కదా ఏ పెట్టయినా ఏ బాడీకైనా పట్టేట్టు కట్టింది. పెట్టెను స్కూటరు వెనక కట్టుకుని అరగంటలో వాగు గట్టుకు చేరాడు.

గట్టు మీద ఊరంతా ఉంది. వాగు మధ్యలో మునగకుండా మిగిలిన మోకాలెత్తు షెడ్డు గోడా, దానిమీద రేకుల కప్పూ కనబడుతున్నాయి. రేకుల మీద మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పేరు మణికంఠ. తెల్లవారుజామున నీళ్లు పెరుగుతున్నాయని తెలిసి మోటారు విప్పుకుందామని దిగాడు. విప్పేలోగా పై నుంచి వరద వచ్చిపడింది. ఈ చుట్టుపక్కల వాగు పొంగితే అందరూ ముందు పరిగెత్తేది మోటారు కోసమే.

"మోటారు పోతే పోయిందిలే అన్నాను సార్. వింటే కదా," అంది అతని భార్య కోటేశ్వరి. ఏడవడం లేదు. కళ్లు రేకుల మీది నుంచి తిప్పడం లేదు.

"ఒరేయ్, ఆ ఈగ తాడు మోసుకుపోతదంటనా?" అన్నాడు వెనక ఒక ముసలాయన.

"నువ్వు నోర్మూసుకో తాతా. సార్‌ని పని చెయ్యనీ."

హఫ్సా అప్పటికే మందు ట్యాంకు దించి ఉంచింది. అంకారావు కొక్కెం పెట్టె చెవులు గూట్లో పెట్టి తిప్పాడు. సగం తిరిగి ఆగింది. తీసి, తుడిచి, మళ్లీ తిప్పాడు. అక్కడే ఆగింది. బురదేమో అనుకుని హఫ్సా తన చున్నీతో గూడంతా తుడిచింది. ఈసారీ అంతే. తలకిందులుగా పట్టుకుని చూస్తే, ఒక చెవి వెంట్రుక వాసి మందంగా కనిపించింది. వెంట్రుక వాసి, అంతే.

"అరగదీద్దాం," అన్నాడు అంకారావు. స్కూటరు డిక్కీలో ఆకురాయి ఉంది.

గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ఎండ చురుక్కుమంటోంది. కాసేపటికి మెడ మీద చల్లబడింది. ఎవరో ఆడమనిషి గొడుగు పట్టి నిలబడింది. తలెత్తి చూసే తీరిక లేదు. రాసి, పెట్టి, తిప్పి, తీసి, మళ్లీ రాసి. ఒక చెవి కుదిరితే రెండోది పట్టలేదు.

"తాళం సంగతి వదిలేసి ఎగరేస్తే?" అన్నాడు ఎవరో.

"తాళం పడకపోతే మోటారు తిరగదన్నా," అంది హఫ్సా. "ఆ వైరు దాటించాలంటే పైనంతా విప్పాలి. గంట పట్టుద్ది."

"అట్టా ఎవుడు పెట్టాడమ్మా?"

హఫ్సా గూడు మళ్లీ తుడవసాగింది. అంకారావు చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

నీళ్లు గోడ అంచుకు తగిలాయి. అప్పుడు కోటేశ్వరి మొదటిసారి ఇటు తిరిగింది.

"ఆ పాత డబ్బా దానికి పట్టుద్దిగా? ఆ మందు డబ్బాకే కట్టండి తాడు. ఆయన చేత్తో లాక్కుంటాడు. వదలడానికి మీటెందుకు?"

హఫ్సా అంకారావు మొహం చూసింది. అంకారావు ఆకురాయి పక్కన పడేశాడు. ఖాళీ ట్యాంకు పెట్టి తిప్పారు. టక్కుమంది. ట్యాంకు కాళ్లకు జాకెట్టు కట్టి, దానికి సన్న నైలాను తాడు ముడేసి, తాడు కట్ట గట్టు మీద నలుగురు పట్టుకున్నారు. డ్రోను లేచింది. ఆకుపచ్చ ట్యాంకు కింద ఎర్ర జాకెట్టు ఊగుతూ వాగు మీదికి పోయింది. ఇందాకటి ముసలాయనే "పోతంది, పోతందిరా" అని చేతులు పైకెత్తాడు.

అంకారావు హఫ్సా చేతిలోని రిమోట్ తెర వంక చూస్తున్నాడు. తెర మీద రేకులు దగ్గరవుతున్నాయి. మణికంఠ తలెత్తాడు. చెయ్యి పైకి చాపాడు. ఇంకో ఇరవై గజాలు.

గోడ కూలింది. పెద్ద చప్పుడేమీ లేదు. రేకులు ఒక పక్కకు వాలి, నీళ్లలోకి జారి, వెళ్లిపోయాయి. గట్టు మీద అరుపులు. తెర నిండా ఎర్రటి వరద.

హఫ్సా డ్రోనును అక్కడే ఆపింది. ఖాళీ నీళ్ల మీద జాకెట్టు వేలాడుతూ ఉంది. తరవాత వరద వెంట కిందికి పోనిచ్చింది, వంపు దాకా, తాడు చాలినంత దూరం.

"సార్, బ్యాటరీ పదిహేను."

"ఉండనీ."

"పది."

"ఉండనీ అమ్మా."

మణికంఠ మర్నాడు మూడు మైళ్ల దిగువన తుమ్మకంపలో దొరికాడు.

ఊరివాళ్లు ఒక్క మాట అనలేదు. "సార్ చానా పాటుపడ్డాడు," అన్నారు. పేపరులో కూడా అలాగే వచ్చింది. అంకారావు ఆ పేపరు మడిచి బల్ల కిందికి తోశాడు. విజయవాడ నుంచి రెండో బాడీ తెప్పించి, ఆరు బాడీలూ ఆరు పెట్టెలూ ముందుగదిలో పరిచి, ప్రతి పెట్టెనూ ప్రతి బాడీకీ పెట్టి చూశాడు. ముప్పై ఆరు సార్లు. తాళం ఆరుసార్లే పడింది. ఒక చుక్కకు ఒక చుక్క, రెంటికి రెండు.

ఫహీమ్ ఆయన్ను చూసి స్టూలు మీది సున్నం తన కండువాతో దులిపి కూర్చోమన్నాడు.

"చుక్కలా? జోడీ చుక్కలు సార్. దేని జత దానికే పడేట్టు రాశాను. చేత్తో ఆకురాయి పెట్టి రాసి రాసి, ఒక్కొక్కటి పూట పట్టింది. లారీ పనిలోనూ అంతే, ఏ పిన్ను ఏ బుష్‌లో కూర్చునేదో చుక్క కొడితేనే మళ్లీ కలిపేటప్పుడు తప్పు పోదు. మీరే కదా ఒక్క పిసరు కదలకూడదన్నది? సందు వదిలితే కదులుద్ది. ఎట్టా ఉంది పని? కదిలిందా?"

"కదల్లేదు భాయ్."

అంకారావు మొహం చూశాక ఫహీమ్ గొంతు తగ్గింది. "ఏమైంది సార్?"

అంకారావు చెప్పాడు. ఫహీమ్ లేత్ ఆపేశాడు. మిషను పట్టా తిరగడం మానేదాకా దాని వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అంటే నేను..."

"నువ్వు కాదు. ఆ సందు పెట్టెల్ని మార్చి తగిలించడానికని నేను నీకు చెప్పలేదు. కదలకూడదని చెప్పాను. అదొక్కటే చెప్పాను."

"కాగితం మీద సందు వేశారుగా సార్. నేనే లెక్కచెయ్యలా."

ఇద్దరూ తప్పును ఎవరికి వారు తమ వైపు లాక్కోబోతున్నారు. ఎవరు లాక్కున్నా మణికంఠ రాడు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది, టీ తెప్పించుకుని తాగారు.

దినం అయిపోయిన వారానికి అంకారావు ఆ ఊరు వెళ్లాడు. కోటేశ్వరి వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కన వాళ్ల అత్త. కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, తనే అడిగింది.

"ఆ ఎర్ర జాకెట్టు ఆయనకి కనపడిందా సార్?"

"కనపడిందమ్మా. తలెత్తి చూశాడు. చెయ్యి చాపాడు. తెర మీద చూశాను. ఫోన్లో ఉంది, చూస్తానంటే..."

"వద్దు. చెప్పారుగా." కాసేపు తొడిమలు తీసింది. "అయితే ఎవురూ రాలేదనుకుని పోలేదు."

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. అంకారావుకు అది తెలుసు. ఆ అమ్మాయి మొహంలో పిసరంత ఊరట కనిపించింది కూడా. కానీ ఊరంతా తనను మెచ్చుకుంటుంటే ఆయన దాచుకోలేకపోయాడు.

"ఇంకోటి చెప్పాలమ్మా. ఆ పెట్టె పట్టకపోవడం నా తప్పు. ముందే ఒక్కసారి మార్చి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు. నువ్వు చెప్పిన ఉపాయం కూడా నాకు తోచలేదు. అరగదీస్తూ కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"ముప్పై ఐదు నిమిషాలు."

"ఎగరేసినాక గోడ పడింది ఎంతసేపటికి?"

"రెండు నిమిషాలు కూడా కాలేదు."

ఆమె చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. అత్త ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"నాకెందుకు చెప్పారు సార్? వాగు తీసకపోయిందనుకుంటన్నా. వాగునైతే పొద్దస్తమానం తిట్టుకుంటన్నా. ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలా?"

"తిట్టమ్మా."

"ఎట్టా తిట్టేది? ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మీరు రాస్తంటే చూశాగా నేను. తిట్టడానికి కూడా లేకుండా చేశారు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లింది. తలుపు మెల్లగానే మూసుకుంది. అంకారావు చాలాసేపు కూర్చున్నాడు. తలుపు తెరుచుకోలేదు.

"ఇంక మీరు ఎల్లండి సార్," అంది అత్త. "అది రాదు."

వీధిలోకి వచ్చాడు. మధ్యాహ్నం ఎండ నిలువుగా పడుతోంది. తాను వీధి మధ్యలో ఆపిన స్కూటరు అక్కడ లేదు. ఎవరో తోసుకెళ్లి ఎదురింటి చూరు నీడలో పెట్టారు. వీధిలో మనిషన్నవాడు కనబడలేదు. సీటు మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. ఎక్కి కూర్చున్నాడు గాని తాళంచెవి తిప్పబుద్ధి కాలేదు. అలాగే, మూసి ఉన్న ఆ తలుపుకు ఎదురుగా, నీడ జరిగి ఎండ తన మీదికి వచ్చేదాకా కూర్చున్నాడు.