బావ తెచ్చిన రాయి

పిడికెడు రాయి. బొగ్గులా నల్లగా, ఒక పక్క మాత్రం నున్నగా ఉంది. అక్క దాన్ని గుడ్డసంచిలోంచి తీసి తమ్ముడి బల్ల మీద పెట్టి, "ఇదిగో, మీ బావని మింగిన రాయి" అంది.

తమ్ముడు పాత రాళ్లలోని అయస్కాంతాన్ని కొలిచే శాస్త్రవేత్త. ఆ మాట చెప్తే ఎదుటివాళ్లు కాసేపు జాలిగా చూసి మాట మారుస్తారు. బావ ఒక్కడే కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఏదీ, వివరంగా చెప్పు" అన్నాడు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇంట్లో అక్క కుట్టుమిషన్ చప్పుడు భరించలేక ఏదో ఒక పని కోసం చూస్తున్నాడు.

తమ్ముడు చెప్పాడు. గ్రహం కడుపులో కరిగిన ఇనుము సుడులు తిరుగుతున్నంత కాలం ఆ గ్రహమంతా ఒక అయస్కాంతమే. పైన లావా చల్లారి రాయి అయ్యేటప్పుడు, ఆ అయస్కాంతాన్ని తనలో దాచుకుని గడ్డకడుతుంది. అంగారకుడి కడుపు ఎప్పుడో చల్లబడింది. ఎప్పుడన్నదే ప్రశ్న. అక్కడినుంచి ఎగిరి ఇక్కడ పడిన రాళ్లు కొన్ని దొరికాయి గానీ, జవాబు చెప్పగలిగేంత పాతవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"అంటే రాయి సాక్షి అన్నమాట. సరే, సాక్షిని నేను పట్టుకొస్తా, కేసు నువ్వు నడుపు" అన్నాడు బావ.

అప్పట్నుంచీ సెలవు దొరికితే చాలు, ఇద్దరూ జీపేసుకుని ఎండిపోయిన ఉప్పు మైదానానికి పోయేవాళ్లు. తెల్లటి నేల మీద నల్లరాయి ఇట్టే కనిపిస్తుంది. బావ ఒక పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని కర్ర చివర బిగించి, కనిపించిన ప్రతి రాయికీ తాకించేవాడు. అతుక్కుంటే ఇనుమున్నట్టు, ఆకాశంలోంచి పడిందేమో చూడాల్సిందే. రాళ్ల వేటగాళ్లందరూ చేసే పనే అది. తమ్ముడు మాత్రం నెత్తి బాదుకునేవాడు.

"బావా, సాక్షి పీక నువ్వే పిసుకుతున్నావు. ఆ ముక్క తగిలిందంటే రాయిలో ఉన్న పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇక దానికి నీ ముక్క తప్ప ఏదీ గుర్తుండదు."

"మరి ఏది ఆకాశానిదో, ఏది రోడ్డు కంకరో ఎలా తెలుస్తుంది దిక్సూచీ?" దిక్సూచి అన్నది బావ పెట్టిన పేరే. బామ్మర్ది సొంత వీధిలో కూడా దారి తప్పుతాడని ఆ వెటకారం.

ఆ గొడవ చాలాకాలం నడిచింది. చివరికి ఒక రోజు బావ కర్ర నుంచి అయస్కాంతాన్ని పీకేసి, "మీ అక్క మీద ఒట్టు. ఇకనుంచి ఒట్టి కళ్లే" అన్నాడు. తమ్ముడు సగమే నమ్మాడు.

ఈ వేసవిలో బావ ఒక్కడే వెళ్లాడు. ఎందుకంత తొందరంటే, "నువ్వు సెలవు పెట్టేలోపు రాళ్లకి గడ్డాలు మొలుస్తాయి" అన్నాడు. జీపు చక్రాలు ఉప్పు పెళ్లలో కూరుకుపోయాయి. నీళ్లు అయిపోయాయి. నడిచి రోడ్డెక్కుదామనుకున్నాడు కాబోలు. వెతకడానికి వెళ్లినవాళ్లకి రోడ్డు కనిపించేంత దూరంలోనే దొరికాడు. ఆ ఎండలో నీళ్ల సీసా కూడా బరువని పారేసిన మనిషి, రాయిని మాత్రం తువ్వాల్లో చుట్టి చొక్కాలో దోపుకున్నాడు.

ఆ రాయినే అక్క మూడు నెలలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తమ్ముడూ అడగలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఇప్పుడు తనంతట తనే తెచ్చింది.

"ఇది రోడ్డు కంకరైతే నాకు చెప్పకు. కాకపోతే మాత్రం, ఆయన ఊరికే పోలేదని చెప్పు. ఆ ఒక్క ముక్క వింటే నేను బతకగలను" అంది.

తమ్ముడు రాయి అంచున చిన్న పలుకు తీసి వేరే ప్రయోగశాలకు పంపాడు. జవాబు చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. అంగారకుడిదే. వయసు నాలుగు వందల కోట్ల ఏళ్ల పైమాటే. వెంటనే ఫోన్ చేసి, "అక్కా, బావ గెలిచాడు!" అని అరిచాడు. అవతల అక్క బావురుమంది.

"అయితే ఊరికే పోలేదు కదరా?"

"పోలేదక్కా. ఒట్టు."

ఆ తొందర ఏమిటో, ఇంకా అసలు కొలతే కాలేదు.

కొలిచే గది గోడలు భూమి అయస్కాంతాన్ని కూడా లోపలికి రానివ్వని లోహంతో కట్టినవి. బెల్టు, తాళాలు, ఫోను అన్నీ బయట పెట్టి తమ్ముడు లోపలికి వెళ్లాడు. రాయిని బియ్యపు గింజలంత ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ పరికరంలో పెట్టాడు. మొదటి అంకె చూసి పరికరం పాడైందనుకున్నాడు. రెండోదీ అంతే. ఏ గ్రహమూ రాయికి అంత బలం ఇవ్వలేదు. పైగా ముక్కలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. నున్నటి పక్క బలం ఎక్కువ, అవతలి పక్కకి పోయేకొద్దీ తక్కువ. ఆ నున్నటి పక్కకి ఎవరో అయస్కాంతాన్ని ఆనించారు.

కొద్దికొద్దిగా వేడి చేసి చూశాడు. పైన అంటిన కొత్తది వదిలిపోతే అడుగున పాతది మిగిలి ఉంటుందేమోనని ఆశ. కొత్తది వదిలింది. అడుగున ఏమీ లేదు. ఆఖరి ముక్క దాకా చూశాడు. ఏమీ లేదు.

ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. చచ్చిన మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒట్టేసి కూడా చేతి దురద ఆపుకోలేకపోయాడు!

మర్నాడు అక్క వచ్చింది. చీరకి రంగుల దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి, కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టుంది. పరికరం పాడైందని చెప్పి పంపించేద్దామని తమ్ముడు రాత్రే అనుకున్నాడు. ఆమె మొహంలో ఆ ఆశ చూసేసరికి అబద్ధం నోట్లోంచి రాలేదు, కోపమే వచ్చింది.

"బావ మాట తప్పాడక్కా. రాయికి అయస్కాంతం పెట్టాడు. లోపల ఏమీ మిగల్లేదు."

"ఆయన అలా చెయ్యడు."

"చేశాడు. లెక్కలు చెప్తున్నాయి. బావ కాకపోతే ఇంకెవరు?"

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "కర్రకి కట్టి కొడితేనే పోతుందా?"

"కొట్టక్కర్లేదు. తగిలితే చాలు." తమ్ముడు పాఠం చెప్పే గొంతులో పడిపోయాడు, ప్రశ్న వింటే జవాబు చెప్పడం అతనికి వృత్తి. "ఆ రకం ముక్క చాలా బలమైంది."

"ఎంతసేపు తగలాలి?"

"క్షణం. ఎంతసేపున్నా ఒకటే."

"మధ్యలో గుడ్డ ఉంటే?"

"గుడ్డ ఏం ఆపుతుందక్కా? కాగితం, చెక్క, ఏదీ ఆపదు."

అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని వాటి వంకే చూసింది.

"ఒట్టేసిన రోజే ఇంటికొచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు. 'ఇక నాకు పనిలేదు, నీ సూదులు ఏరుకో' అన్నాడు. అప్పట్నుంచీ మిషన్ సొరుగులోనే ఉంది. ఆయన దాన్ని మళ్లీ ముట్టుకోలేదురా. మాట నిలబెట్టుకున్నాడు." ఆ మాట దగ్గర ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. "రాయి తెచ్చి ఇచ్చారు కదా. రెండూ ఆయన చేతివే, ఒక చోటే ఉండనీ అని ఆ సొరుగులోనే పెట్టాను. రోజూ తీసి చూసుకుని, మళ్లీ దాని పక్కనే పెట్టేదాన్ని."

తమ్ముడు తనని తానే తిట్టుకున్నాడు. ఎవరు చేశారో ఎందుకు తేల్చాడు? చచ్చినవాడి మీద నింద ఉండిపోతే ఏం పోయేది? బావ నవ్వేసి ఊరుకునేవాడు.

"కాదక్కా, మైదానంలోనే ఏదైనా అయ్యుండొచ్చు, పిడుగు పడినా ఇలాగే..."

"ఊరుకోరా. నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం చేతకాదు." ఆమె ఏడవలేదు. "నాలుగు వందల కోట్ల ఏళ్లు అన్నావు కదూ? అంతకాలం మోసింది. ఆయన ప్రాణం పోతున్నా చొక్కాలో దాచి తెచ్చాడు. ఇంటికొచ్చాక నేను తుడిచేశాను."

తమ్ముడు వచ్చి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్క అతని భుజం పట్టుకుంది, పడిపోకుండా ఆపుకోవడానికి పట్టుకున్నట్టు.

"ఒక్కటి చెప్పరా. మిషన్‌కి అవతలి పక్క ఇంకో సొరుగుంది, ఖాళీదే. అందులో పెట్టి ఉంటే?"

ఆ దూరం చాలు. ఏమీ అయ్యేది కాదు. తమ్ముడు తల వంచుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసి అక్క భుజం మీద చెయ్యి తీసేసింది.