ముగ్గురిని చేర్పిస్తే

హిందూపురంలో ఆ సందును ధరణి మూడుసార్లు చుట్టింది. మూడుసార్లూ వచ్చి ఒకే షట్టరు ముందు ఆగింది. ఫోన్‌లో ఉన్న అగ్రిమెంటులోని డోరు నంబరూ, షట్టరు పక్కన గోడ మీద ఎర్ర రంగుతో రాసిన నంబరూ ఒకటే. అగ్రిమెంటులో మాత్రం ఆ నంబరు కింద ‘హెడ్డాఫీసు, రెండో అంతస్తు’ అని ఉంది. ఇక్కడ రెండో అంతస్తు లేదు. ఆ మాటకొస్తే మొదటి అంతస్తే లేదు. రేకుల కప్పు కింద కోళ్ల దాణా మూటలు పేర్చి ఉన్నాయి. పొద్దున ధర్మవరంలో తాగిన టీ తప్ప ఆమె ఇంకేమీ తినలేదు.

పక్కన ‘ఆంజనప్ప జిరాక్స్’ అని బోర్డున్న చిన్న అంగడి ఉంది. అంగట్లో కూర్చున్న ముసలాయన ఆమెను చాలాసేపటి నుంచి గమనిస్తున్నాడు.

"ఎవరు కావల్లమ్మా? అప్పట్నుంచి ఈడనే తిరుగుతాండావు" అన్నాడు.

ధరణి ఫోన్ చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"టైపింగ్ కంపెనీనా? ఈ వారంలో నువ్వు నాలుగోదానివి తల్లీ. మొన్న అగళి నుంచి మొగుడూ పెండ్లాం వచ్చినారు. ఆయమ్మ ఈ మెట్టు మీదే కూర్చోని ఏడ్చింది. ఈడ కంపెనీ లేదు, పాడూ లేదు. ఎంత దుడ్లు కట్టినావు?"

"ఐదు వేల రెండొందల యాభై."

ఆంజనప్ప కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ అంగడి పెట్టకముందు పట్టుగూళ్ల మార్కెట్లో ముప్పై ఏండ్లు మూటలు మోసినా. మూట మోయమని పిలిచినోడు ఎవడూ, ముందు నువ్వే నాకు దుడ్లియ్యి అనలేదు" అన్నాడు.

ధరణికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఆ మాటలో ఏముంది, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఇంటర్ చదివిన తనకు పదిహేను రోజుల కిందట ఎందుకు తట్టలేదు? ఆయన ఒక చిత్తు కాగితం మీద 1930 అని రాసి, సైబర్ కంప్లైంటు నంబరని చెప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. ఫోన్ చేసే ఉద్దేశం మాత్రం లేదు. కంప్లైంటు అంటే పేరూ ఊరూ చెప్పాలి, ఎవరో ఇంటికి ఫోన్ చేస్తారు, మొగుడు మంజునాథ్‌కు తెలుస్తుంది. ఆమె పెనుకొండలో అమ్మను చూడటానికి పోయిందని అతను అనుకుంటున్నాడు.

తిరుగు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆ రోజు ఆమెను ఎవరూ డబ్బు అడగనిది ఆ బస్సులోనే.

కిటికీ పక్కన కూర్చుని ధరణి తనను తానే తిట్టుకుంది. ఆ డబ్బు మగ్గం గుంతకు దాచిన డబ్బు. వాళ్లది నేలలో తవ్విన గుంతలోకి దిగి నేసే మగ్గం. గట్టిగా వానలు పడితే చాలు, గుంతలో అడుగు నుంచి నీళ్లు ఊరుతాయి. కాళ్లు పెట్టడానికి ఉండదు, పట్టు పోగు చెమ్మెక్కి తెగుతుంది. ఈ ఏడు ఆగస్టులో ఇరవై నాలుగు రోజులు మగ్గం ఆగిపోయింది. మగ్గం ఆగితే మజూరీ ఆగుతుంది, పాలవాడు ఆగడు. ఈసారి ఎట్లాగైనా గుంతకు సిమెంటు చేయించాలని మంజునాథ్ పట్టుబట్టాడు. ఇద్దరూ చీరకు ఇంతని తీసిపెట్టి, బియ్యం డబ్బా వెనక స్టీలు డబ్బాలో ఆరు వేలు కూడబెట్టారు. మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. ఈరోజు శుక్రవారం. డబ్బాలో ఇప్పుడు ఏడువందల యాభై ఉన్నాయి.

మగ్గం ఆగిన ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఆ ప్రకటన కనిపించింది. ఇంటి దగ్గరే టైపింగ్, నెలకు పద్దెనిమిది వేలు, ఆడవాళ్లకు మాత్రమే. నంబరు నొక్కిన ఐదు నిమిషాలకే పల్లవి అనే ఆమె ఫోన్ చేసింది. రిజిస్ట్రేషన్ రెండు వేల ఐదువందలు, అదీ తిరిగి ఇచ్చేస్తారట. కట్టింది. కట్టాక, సాఫ్ట్‌వేర్‌కు పద్దెనిమిది వందలు వేరే అన్నారు. ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదంటే, అగ్రిమెంటులో ఉంది కదా మేడమ్, మీరు చదివే కదా టిక్కు పెట్టారు అంది పల్లవి. అగ్రిమెంటు ఇరవై రెండు పేజీలు, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. టిక్కు పెట్టకపోతే అది ముందుకే పోలేదు.

అదీ కట్టాక పని పంపారు. అలుక్కుపోయిన ఫొటోల్లోంచి ఎవరెవరివో పేర్లు, అడ్రసులు చూసి కొట్టాలి. పది రోజులు కొట్టింది. పట్టు దారం కండెలకు చుడుతూ, అన్నం వారుస్తూ, కళ్లు నీళ్లు కారుతున్నా కొట్టింది. చివరికి లెక్క పంపారు. పద్దెనిమిది వేలలో తప్పుల కింద ఆరు వేల ఆరువందలు కోత, రావాల్సింది పదకొండు వేల నాలుగువందలు. పనిని సరిచూసినందుకు మీరు తొమ్మిదివందల యాభై కట్టాలి.

ఇంకెవరైనా అయితే అక్కడైనా మేలుకునేవారేమో. ధరణికి మాత్రం ఆ కోత చూశాకే నమ్మకం కుదిరింది. షావుకారు నేయడానికి పట్టు రేషం తూచి ఇస్తాడు, నేసిన చీరను తూచి తీసుకుంటాడు. రెండు తూకాల మధ్య తేడా ఎంతొచ్చినా దాని పేరు తరుగు. కండె మీద మిగిలిన పోగు, తెగి పారేసిన దారం, గాలికి ఆరిన చెమ్మ, అన్నీ నేసినవాడి నెత్తినే. చీరకు నాలుగు వేలు మజూరీ అయితే మూడు నాలుగు వందలు తరుగు కింద పోతాయి. ఆ త్రాసు ముల్లును తొంగిచూసిన మొనగాడు వాళ్ల వీధిలో లేడు. కోత లేని కూలిని వాళ్లెవరూ కళ్లజూడలేదు. అందుకే కంపెనీ కోయగానే, ఇది నిజమైన కంపెనీయే, ఇచ్చేవాడే కదా కోసేది అనుకుని ఆ తొమ్మిదివందల యాభై కూడా కట్టింది. కట్టి ఊరుకుందా అంటే అదీ లేదు. ఎదురింటి భాగ్యశ్రీకి గొప్పగా చెప్పి, ఆ కంపెనీ నంబరు కూడా పంపించింది.

షావుకారు ఎంత కోసినా ముందు రేషం ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి, తర్వాత కోస్తాడు. వీళ్లు ఇవ్వకముందే కోశారు. ఆ తేడా తెలుసుకోవడానికి ఆమె హిందూపురం దాకా పోయి ఒక ముసలి హమాలీ చేత చెప్పించుకోవాల్సి వచ్చింది.

పెనుకొండ బస్టాండులో బస్సు ఆగి ఉండగా పల్లవి ఫోన్ చేసింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్. మీ పేమెంట్ పెండింగ్‌లో ఉందండి. ట్యాక్సు రెండు వేల యాభై రెండు కట్టారా?"

"నేను మీ ఆఫీసుకు పోయొస్తాండా" అంది ధరణి. "ఆడ కోళ్ల దాణా ఉండాది."

అటువైపు ఒక్క క్షణం కూడా తడబాటు లేదు. "ఆఫీసు షిఫ్టయింది మేడమ్. ఇది వర్క్ ఫ్రమ్ హోమ్ కదా, మేమూ ఇంటి నుంచే చేస్తాం."

"నాకు పద్దెనిమిది వేలూ వద్దు, పదకొండు వేలూ వద్దు. నేను కట్టింది నాకిచ్చేయండి. దాంట్లో కూడా ఏమన్నా కోసుకోవల్లంటే కోసుకోండి."

"అలా కుదరదు మేడమ్. మీరు మధ్యలో మానేస్తే అగ్రిమెంటు ప్రకారం పన్నెండు వేలు మాకు కట్టాలి. లాయర్ నోటీసు వాట్సాప్‌లో పంపాను, చూసుకోండి. మీ అడ్రసు మా దగ్గర ఉంది కదా." అక్కడ గొంతు ఇంకా మెత్తగా చేసింది. "మీరు మంచివారని ఒక సాయం చేస్తాను. ముగ్గురిని చేర్పించండి. ట్యాక్సు మాఫీ, నోటీసు క్యాన్సిల్. మీ పదకొండు వేల నాలుగువందలు రేపే పడతాయి. ఈరోజు ఐదు గంటలలోపు ఒక్కరి పేమెంటన్నా రావాలి మేడమ్."

ఫోన్ పెట్టేశాక ధరణి నోటీసు తెరిచింది. గుండ్రటి ముద్ర, కోటు వేసుకున్న లాయరు ఫొటో, కింద ‘అరెస్టు’ అనే మాట. దొంగ నోటీసని ఒక మనసు చెబుతోంది. నిజమైతేనో అని ఇంకో మనసు వణుకుతోంది. బస్సు కదిలింది. ఆమె చేతివేళ్లు తమంతట తాము లెక్కపెట్టాయి. భాగ్యశ్రీ ఒకటి. కండెలు చుట్టే కుళ్ళాయమ్మ కూతురు రెండు. మూడు ఎవరా అని ఆలోచిస్తూ ఉండగా, ఏం చేస్తోందో తనకే తెలిసి, వేళ్లు ముడిచేసి చెయ్యి ఒడిలో పెట్టుకుంది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. అయినా ఆదివారం మేస్త్రీ వస్తాడు. ఆ లెక్క ఎటు తిప్పినా తెగలేదు.

నాలుగున్నరకు ఆమె ధర్మవరంలో వాళ్ల వీధిలోకి మళ్లింది. ఇంటింటా మగ్గాల చప్పుడు. వాళ్లింట్లోనూ మంజునాథ్ నేస్తున్నాడు. అరుగు మీద భాగ్యశ్రీ కూర్చుని ఉంది.

"యాడికి పోయింటివి ధరణీ? మధ్యాన్నం నుంచి రెండు తూర్లు వచ్చి పోయినా." కొంగు ముడి విప్పి నోట్లు తీసింది. "ఇదో, రెండు వేల ఐదొందలు. ఎంచుకో."

"యాడివక్కా ఇవి?"

"షావుకారు దెగ్గర అడ్వాన్సు తెచ్చినా. వచ్చే చీరలో పట్టుకుంటాడంట. పట్టుకోనీలే. మా పాప టెన్తు అయిపోయింది, అది కొడ్తాది. నన్ను కూడా చేర్పించు."

ధరణికి ఆ నోట్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ‘సరే అక్కా’ అంటే చాలు. ఐదుకు ఇంకా ఇరవై ఐదు నిమిషాలున్నాయి. ముగ్గురిలో ఒకరు వచ్చి అరుగు మీదే కూర్చున్నారు. గుంత, మేస్త్రీ, నోటీసు అన్నీ ఒక్క మాటతో తీరిపోతాయి. తీరకపోతే? అప్పుడు భాగ్యశ్రీ బస్సెక్కి హిందూపురం పోతుంది. జిరాక్స్ అంగడి మెట్టు మీద కూర్చుంటుంది.

"వద్దక్కా. తీసుకొని పో" అంది.

"ఏమి? చాలవా?"

"అది కాదు. ఆ కంపెనీ మంచిది కాదు."

"మంచిది కాకుంటే నువ్వెందుకు చేస్తాండావు?"

ధరణి లోపలి వైపు చూసింది. మగ్గం ఆడుతూనే ఉంది. "వద్దంటే వినక్కా" అంది గొంతు తగ్గించి.

భాగ్యశ్రీ ముఖం మారిపోయింది. "నువ్వే కదమ్మా చెప్తివి. కోస్తాండారంటే ఇస్తారనే కదక్కా అని, ఇదే అరుగు మీద కూర్చోని చెప్తివి. ఇప్పుడు దుడ్లు తెస్తే మంచిది కాదంటావు. నీకొస్తే సరిపాయ, నాకు రాకూడదా?"

"తప్పు చెప్పినాక్కా."

"ఏం తప్పులే. మీ ఇంట్లో గుంతకు సిమెంటు పడల్ల, మా గుంతలో నీళ్లుండల్ల. అంతే కదా. ఆ నంబరు నా దెగ్గర ఉండాది, నువ్వు పంపిచ్చిందే. నువ్వు చేర్పించకుంటే పాయ, మా పాపతో నేనే కట్టిస్తా." నోట్లు పిడికిట్లో పట్టుకుని విసవిసా వీధిలోకి దిగింది.

ధరణి ఆమె వెనకే దిగింది. "అక్కా, నాకు రూపాయి కూడా రాలేదు" అంది. అది తన చెవులకే సరిగా వినబడలేదు.

"ఏమి?" భాగ్యశ్రీ తిరగకుండానే అడిగింది. "ఏమంటాండావు, ఈ మగ్గాల్లో వినపడల్యా."

ఆ వీధిలో రహస్యం చెప్పుకునే వీలు లేదు. చెప్పాలంటే నాలుగిళ్లకు వినపడేట్టు అరవాలి, లేదా నోరు మూసుకోవాలి. పోయిన డబ్బు సంగతిలో పదిహేను రోజులుగా ఆమె నోరు మూసుకునే ఉంది. కంపెనీకి కావలసిందీ అదే. అగళి నుంచి వచ్చినామె కూడా ఊరికి పోయి నోరు మూసుకునే ఉంటుంది. అందుకే ఇంకొకరు బస్సెక్కుతారు.

ధరణి వీధి నడుమ నిలబడి ఫోన్ తీసింది. బ్యాంకు మెసేజీలు తెరిచింది. గొంతు పెంచింది.

"నాకు రూపాయి రాలేదక్కా. నేనే కట్టినా. ఇనుకో. ఆగస్టు ఇరవై తొమ్మిది. రెండు వేల ఐదొందలు పోయినాయి."

భాగ్యశ్రీ ఆగి తిరిగింది. కుళ్ళాయమ్మ చేతిలో కండెతోనే గడపలోకి వచ్చింది. ఇంకో గుమ్మంలో ఇంకెవరో నిలబడ్డారు.

"ఆగస్టు ముప్పై. పద్దెనిమిది వందలు. ముందు చెప్పలేదు, కట్టినాక చెప్పినారు. ఆఫీసు ఉండాదంటే పొద్దున హిందూపురం పోయినా. ఆఫీసు లేదు. పనిచ్చేటోడు మన దెగ్గరే ముందు దుడ్లు తీసుకునేది యాడన్నా ఉండాదా? షావుకారు కూడా అట్ల చేయడే."

వాళ్లింట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది. మంజునాథ్ గుంతలోంచి లేస్తున్న అలికిడి ఆమెకు తెలిసింది. తిరిగి చూడలేదు.

చేతిలో ఫోన్ మోగింది. పల్లవి. ఐదుకు ఇంకా పది నిమిషాలున్నాయి. ధరణి దాన్ని కట్ చేసి, మెసేజీని మళ్లీ పైకి జరిపింది.

"మూడోది, తొమ్మిదొందల యాభై" అని చదివింది.