రేడియో రాసిన మాటలు

ఆ డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్చుకున్న వాళ్ళలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన రేడియో. కారెక్కింది మొదలు దిగేదాకా నోరు మూతపడేది కాదు. "క్లచ్ మీద కాలేసి నిద్రపోతున్నావా నాయనా? అది దిండు కాదు" అనేవాడు. ఎదురుగా లారీ వస్తుంటే నేర్చుకునేవాళ్ళు బిగుసుకుపోతారని, ఆ లారీ డ్రైవరు పొద్దున్నే అత్తగారితో ఏ విషయంలో పోట్లాడి బయల్దేరాడో అప్పటికప్పుడు కథ అల్లి చెప్పేవాడు. కథ సగంలో ఉండగానే లారీ దాటిపోయేది. మిగతా సగం చెప్పమని వెంటపడేవాళ్ళు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయడం తప్ప దారి లేదన్నారు డాక్టర్లు. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రందాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. "స్టాకు మిగిలిపోతే దండగ కదమ్మడూ, క్లియరెన్స్ సేల్ పెట్టా" అన్నాడు చెల్లెలితో. చెల్లెలు పగలబడి నవ్వింది. ఇంటికెళ్ళి బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

చెల్లెలు ఆసుపత్రులకు వెబ్ అప్లికేషన్లు చేసిపెట్టే ఓ చిన్న కంపెనీలో జావా ప్రోగ్రామరు. అన్న చేరిన ఆసుపత్రిలో నడుస్తున్నది కూడా వాళ్ళదే. అక్కడ మాట్లాడలేని రోగుల మంచాలకు ఒక్కో టాబ్లెట్ బిగించి ఉంటుంది. కావలసింది అందులో టైపు చేసి పంపితే, అక్కడ చెరిగిపోయి, నర్సులు కూర్చునే బల్ల మీది తెరపై కనబడుతుంది. ఆ భాగం ఆమె ఉద్యోగంలో చేరకముందు ఎవరో రాసి వెళ్ళిపోయారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఎవరూ తెరిచి చూడనూ లేదు.

ఆపరేషన్ అయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె వార్డులోకి వస్తుంటే హెడ్ నర్సు చెయ్యూపి పిలిచింది.

"మీ అన్నయ్య మాకు మంత్రాలు రాసి పంపుతున్నాడమ్మా. ఇలా వచ్చి చూడు."

తెర నిండా గజిబిజి. తల మీద కొమ్మున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీల గుర్తు, దాని పక్కన ముప్పావు భిన్నం, మళ్ళీ కొమ్మున్న ఏ. వరసలకు వరసలు.

"మొదట్లో ఆటపట్టిస్తున్నాడనుకున్నాం" అంది హెడ్ నర్సు. "వెళ్ళి ఏం కావాలంటే చేతులు తిప్పుతాడు. మేం ఫ్యాన్ తగ్గిస్తాం. ఆయన నెత్తి కొట్టుకుంటాడు."

"మిగతావాళ్ళవి బాగానే వస్తున్నాయా?"

"వాళ్ళు ఇంగ్లీషులో రెండు ముక్కలు కొడతారు. వాటర్, పెయిన్. అవి బాగానే వస్తాయి. ఈయనొక్కడే తెలుగులో మహాభారతం రాసేది."

ఆ గజిబిజి ఏమిటో ఆమెకు చూడగానే తెలిసిపోయింది. సిగ్గు వేసింది, ఆ వెంటనే సంతోషం కూడా వేసింది. అన్నకు తన చేతుల్తో చేయగలిగిన పని ఒకటి దొరికింది.

మంచం అంచున కూర్చుని చెప్పింది. "అన్నయ్యా, మన అక్షరం ఒక్కోటీ మూడేసి ముక్కలుగా వెళ్తుంది. అవతల మూడూ కలిపి చదివితేనే అక్షరం. మా ప్రోగ్రాం విడివిడిగా చదివేస్తోంది. అందుకే నీవన్నీ చెత్తలా కనబడుతున్నాయి."

ఆయన టాబ్లెట్ మీద టైపు చేసి, చూడమన్నట్టు వేలితో తట్టాడు. "కోసి ముక్కలు చెయ్యడానికి డాక్టరున్నాడుగా, మళ్ళీ మీరెందుకు?"

"బాగుచేసేదాకా ఇంగ్లీషు అక్షరాల్లో రాయొచ్చుగా?"

"నీళ్ళు కావాలంటే నీలు అని చదువుతారు. నీలు ఎవరని మీ వదిన అడుగుతుంది. నా వల్ల కాదు, నువ్వే బాగుచెయ్యి."

శబ్దం లేకుండా ఆయన భుజాలు కదిలాయి. ఇప్పుడు అదే ఆయన నవ్వు.

ఆమె నేరుగా ఆఫీసుకు వెళ్ళింది. తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చే ప్రతి సందేశానికీ 'ఇది యూటీఎఫ్-8 రాత, ముక్కలు కలిపి చదువు' అని చెప్పే ఫిల్టర్, అంటే జల్లెడ లాంటి చిన్న ప్రోగ్రాం, ఒకటి ఉండనే ఉంది. కానీ దానికంటే ముందు వరసలో ఇంకో ఫిల్టర్ నిలబడి, పంపింది ఎవరో రాసుకోవడానికి సందేశాన్ని విప్పి చూసేస్తోంది. ఒకసారి విప్పి చదివేశాక ఇది ఫలానా లిపి అని ఎంత మొత్తుకున్నా జావా చెవిన పెట్టదు. ఆమె ఆ రెంటినీ ముందువెనకలు చేసింది. టెస్టు మెషీన్లో "నమస్తే" అని కొట్టింది. నమస్తే అనే వచ్చింది. కుర్చీలోనే చిన్నగా చప్పట్లు కొట్టుకుంది.

ఇలాంటి మార్పు ఏది చేసినా, సందేశాలన్నీ దాచే డేటాబేసును చూసుకునే పెద్దాయనకు చూపించాలని ఆఫీసులో ఓ అలవాటు. ఆయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. రెండు లైన్ల మార్పుకు ఆయనెందుకనుకుంది. అన్న నీళ్ళడిగితే ఫ్యాన్ తగ్గిస్తున్నారన్నదే ఆమె బుర్రలో తిరుగుతోంది. సాయంత్రానికల్లా ఆసుపత్రి సర్వరులో ఎక్కించేసి, వదినకు ఫోన్ చేసి, "అయిపోయింది వదినా, ఇక మనవాడి రేడియో స్టేషన్ పనిచేస్తుంది" అంది.

మర్నాడు ఆమె వేరే ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో కొత్తగా అప్లికేషన్ మొదలుపెడుతున్నారు. దారిలో ఉండగానే కబురొచ్చింది. అన్నకు జ్వరం. ఊపిరితిత్తుల్లోకి ఇన్ఫెక్షన్ పాకిందని, ఇంటివాళ్ళెవరూ లోపలికి పోకూడదని అద్దాల గదిలోకి మార్చారు. వదిన బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అద్దంలోంచి చూస్తే మంచం, ఆయన పాదాలు, టాబ్లెట్ మీద మెల్లగా కదిలే చెయ్యి కనబడేవి. తెర మాత్రం అటు తిరిగి ఉండేది.

"ఎలా ఉన్నాడు వదినా?" అని ఫోన్‌లో అడిగింది చెల్లెలు.

"జ్వరం దిగట్లేదు. అయినా ఆ టాబ్లెట్ వదలడు. ఒకటే రాయడం."

"ఏం రాస్తున్నాడట?"

"ఆ చిన్న నర్సుని అడిగాను. అన్నీ ప్రశ్నలేనండీ అంది. తెర నిండా ప్రశ్నలేనట."

చెల్లెలికి నవ్వొచ్చింది. "నర్సుల ప్రాణం తీస్తున్నాడన్నమాట. ఇక మనవాడు లేచి కూర్చున్నట్టే."

వదిన కూడా నవ్వింది. వరండాలో గట్టిగా నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విన్నాక చెల్లెలు కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయింది.

ఆయన ఆ వారం దాటలేదు. ఆమె పరుగున వచ్చేసరికి అద్దాల గది తలుపులు తెరిచే ఉన్నాయి. మంచానికున్న టాబ్లెట్‌ను ఎవరో శుభ్రంగా తుడుస్తున్నారు.

అంతా ముగిసి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మరేదీ వినబడని రోజులు మొదలయ్యాక వదిన అడిగింది. "నువ్వు బాగుచేశావుగా. అద్దాల గదిలో మీ అన్న రాసినవి ఎక్కడో ఒకచోట ఉంటాయి కదా. తీసిస్తావా? నాకేమీ చెప్పకుండా పోయే మనిషి కాదు ఆయన."

"ఉంటాయి వదినా. తెస్తాను."

ఆసుపత్రివాళ్ళ అనుమతి తీసుకుని, పెద్దాయన పక్కన కూర్చుంది. ఆయన డేటాబేసు తెరిచాడు. ముందు పాత చెత్త వచ్చింది, కొమ్ముల ఏలు, డిగ్రీలు, భిన్నాలు.

"ఇదేం పోలేదమ్మా" అన్నాడాయన. "ముక్కలు మూడూ వరసలోనే ఉన్నాయి. అతికితే సరి."

ఆమె నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసి నడిపింది. చెత్త చెత్తంతా కదిలి తెలుగయింది. అన్న గొంతు ఆ తెర మీద ఒక్కసారిగా లేచింది.

"ఫ్యాన్ కాదు తల్లీ, కర్టెన్."

"పక్క మంచం ఆయన గురక పెడుతున్నాడా, బండి స్టార్ట్ చేస్తున్నాడా? కనుక్కోండి."

"పెద్ద నర్సు గారూ, మీరెప్పుడూ సెకండ్ గేరులోనే నడుస్తారేం?"

"మా ఆవిడ అడిగితే నేను తిన్నానని చెప్పండి. లేదంటే తనూ తినదు."

ఎవరూ చదవడం లేదని తెలిసి కూడా రాశాడు. ఆమె నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ చదివింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి ఊరికే చొక్కాతో తుడిచాడు. ఆ తర్వాతివి తెమ్మని అడిగింది. తెచ్చాడు.

ప్రశ్న గుర్తులు.

మొదటి వరస, రెండో వరస, కిందికి జరిపేకొద్దీ అవే. మధ్యలో ఖాళీలు ఉన్నాయి, కామాలు ఉన్నాయి, అక్కడక్కడ చుక్కలు ఉన్నాయి. మాటలుండాల్సిన చోటల్లా ప్రశ్న గుర్తులు. ఆమె అదే ప్రోగ్రాం నడిపింది. ప్రశ్న గుర్తులు ప్రశ్న గుర్తులుగానే వచ్చాయి.

"ఇవెప్పటివి?" అంది, తెలిసీ.

పెద్దాయన తేదీ చూపించాడు. ఆమె మార్పు ఎక్కించిన సాయంత్రం నుంచి మొదలు.

"నువ్వు చేసింది తప్పు కాదమ్మా. జావాలోకి అక్షరం సరిగ్గానే వచ్చింది. కానీ ఇక్కడి డేటాబేసు పాతది, అక్కడికి పోయే కనెక్షనూ పాతదే. దానికి తెలుగంటే తెలియదు. తెలియని అక్షరం వస్తే దాని చోట ప్రశ్న గుర్తు వేసి, అసలుదాన్ని పారేస్తుంది. నర్సుల తెర మీదికి వచ్చేదీ అక్కడి నుంచే. ఇదివరకు ముక్కలుగా వెళ్ళేవి కాబట్టి, అవేమిటో తెలియకపోయినా దాచింది."

"మరి టెస్టు మెషీన్లో బాగానే వచ్చిందే?"

"దాన్ని కొత్తగా పెట్టింది నేనే. అసలుదాన్ని కూడా మారుస్తానంటే, నడుస్తున్నదాన్ని కదిలించొద్దన్నారు. ఆ రోజు నేనుంటే…" అని ఆగిపోయాడు.

బ్యాకప్‌లు తీశారు. వాటిలోనూ అవే ప్రశ్న గుర్తులు. సర్వరు రాసుకునే చిట్టాల్లో ఎవరు, ఎప్పుడు పంపారన్నది ఉంది, ఏం పంపారన్నది లేదు. టాబ్లెట్ ఏదీ దాచుకోదు. వెతకడానికి ఇంకో చోటు మిగల్లేదు.

చివరి వాటిలో ఒకటి చాలా పొడుగ్గా ఉంది. అది వార్డు గురించి కాదని, నీళ్ళ గురించి కాదని ఆ పొడుగే చెబుతోంది. ఆయన అందులో నిజంగా ఏదైనా అడిగాడేమో కూడా తెలియదు. ఏది ఆయన పెట్టిన ప్రశ్న గుర్తో, ఏది పోయిన అక్షరం తాలూకు గుర్తో విడదీసే దారి లేదు.

ఇంటికి వచ్చి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. అన్న ఎలా రాస్తాడో ఆమెకు కొట్టినపిండి. "ఏమేవ్, ఆ వరండా కుర్చీకి నీ పేరు పెట్టారట" అని ఒక వాక్యం టైపు చేసింది. అచ్చం ఆయన మాటే. ఇంకో పది రాసి కలిపితే వదిన కనిపెట్టలేదు, గుండెలకు హత్తుకుంటుంది. ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. ఒక్కో అక్షరం చెరిపేసింది.

మర్నాడు పొద్దున తెలుగయిన కాగితాలు మాత్రం తీసుకుని వెళ్ళింది. వదిన వంటింటి గుమ్మంలోనే కూర్చుని చదివింది.

"చూశావా, కర్టెన్! ఎండ కళ్ళల్లో పడితే ఆయనకు తలనొప్పి. నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదే" అంది. తినడం గురించి రాసిన చోట వేలుంచి రెండుసార్లు చదివింది. తర్వాత కాగితాలు తిరగేసింది.

"ఇవి వార్డులోవి. అద్దాల గదిలోవేవి?"

"లేవు వదినా."

"లేకపోవడమేంటి? రాయడం నేను చూశాను."

"రాశాడు. అక్షరాలు నిలవలేదు. నర్సు ప్రశ్నలు అన్నది… అవి ప్రశ్నలు కాదు. అన్నయ్య ఏది రాసినా ప్రశ్న గుర్తుగా మారిపోయింది." ఆమె అక్కడితో ఆగలేదు. "నేను ఆ మార్పు చేశాకే."

"నువ్వు ముట్టుకోకపోతే?"

"ఉండేవి. చెత్తలా కనబడేవి, కానీ లోపల ఉండేవి. ఇవాళ నీ చేతిలో ఉండేవి."

వదిన ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితాలు అంచులు కలిపి సర్దుకుంటూ, "ఆ రోజు ఫోన్‌లో మనిద్దరం నవ్వాం" అంది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చెల్లెలు గుమ్మంలో కాసేపు నిలబడి, తలుపు తెరుచుకోదని అర్థమయ్యాక మెట్లు దిగింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా వదిన ఎత్తలేదు.

పెద్దాయనా ఆమే కలిసి పై వాళ్ళను ఒప్పించారు. పాత సందేశాల పట్టికను విడిగా దాచి, డేటాబేసునూ దానికి పోయే కనెక్షన్‌నూ మార్చారు. ఈసారి ఆమె టెస్టు మెషీన్‌ను నమ్మలేదు. స్వయంగా ఆసుపత్రికి వెళ్ళి, నర్సుల బల్ల దగ్గర తెరకు ఎదురుగా నిలబడింది. లోపల గొంతుకు కట్టుతో ఉన్న ఓ ముసలామె, మనవరాలు చూపిస్తుంటే ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేస్తోంది.

తెర మీద ఓ వాక్యం వెలిగింది. హెడ్ నర్సు పైకి చదివింది. "దుప్పటి పొట్టిగా ఉంది, కాళ్ళకు చలేస్తోంది." చదివి, తానే లేచి, అలమార్లోంచి పెద్ద దుప్పటి తీసుకుని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ చెల్లెలి భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది.

"మేమైనా కాగితం, కలం ఇచ్చి ఉండాల్సిందమ్మా. ప్రశ్న గుర్తులేమిటని అడిగితే ఆయన టాబ్లెట్ వైపే చూపించేవాడు. మా చెల్లెలు బాగుచేసింది, చూడండి అన్నట్టు."

నర్సు దుప్పటి కప్పేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. అన్న చివరిదాకా తనను నమ్ముకునే రాశాడు. ఆ రోజుల్లోంచి ఆమెకు దక్కిన మాట ఇదొక్కటే. అది ఓదార్పో శిక్షో ఆమెకు తేలలేదు.

బయటికొచ్చి వదినకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. పెట్టేయబోతుంటే అవతల ఎత్తారు.

"చెప్పు" అంది వదిన.

"నర్సులు అడిగితే అన్నయ్య టాబ్లెట్ వైపే చూపించేవాడట వదినా, నేను బాగుచేశానని" అంది. వదిన ఫోన్ పెట్టేయలేదు.