చెల్క కింద స్లాబు

కాంక్రీటు ఎలా ఉంటుందో సాలవ్వకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లికి ముందు కామారెడ్డిలో స్లాబు పనులకు పోయిన మనిషి. కంకర, ఇసుక, సిమెంటు కలిసిన ముద్దను తట్టలకెత్తి, చేతి నుంచి చేతికి అందించి అందించి, దాని బరువూ వాసనా ఆమె ఒంటికి పట్టేశాయి. అందుకే ఎండిపోయిన నిమ్మచెట్టును పీకి, ఆ గుంతలో గడ్డపార వేసినప్పుడు 'ఖంగు'మన్న చప్పుడు వినగానే అదేమిటో ఆమె పోల్చుకుంది.

చెట్టు కూడా ఎంత తేలిగ్గా ఊడి వచ్చిందని! తల్లివేరు కొంత దూరం నిటారుగా దిగి, అక్కడ మోచేతిలా వంగి పక్కకు తిరిగింది. సాలవ్వ వంగి మన్ను తోసి చూసింది. మోకాలి లోతు దాటకముందే ఏదో తెల్లగా, గట్టిగా, గుంత అడుగంతా పరుచుకుని ఉంది. అందులో గులకరాళ్లు అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో గీరితే గీత కూడా పడలేదు.

"స్లాబు! నా చెట్ల కింద ఎవడో స్లాబు పోసిండు" అంది పైకే.

ఎవడో అని నోటితో అన్నదే గానీ, మనసులో పేరు అప్పటికే ఖాయమైపోయింది. అనుమానం పని అంతే. ముందు మనిషిని పట్టుకుని, సాక్ష్యాలు తర్వాత తీరిగ్గా వెతుక్కుంటుంది.

ఆ పేరు అబ్రాహాము. ఆమెకు సొంత మరిది, కామారెడ్డిలో స్లాబు మేస్త్రీ. భర్త జాన్ పోయిన నాటి నుంచి ఆమెకు ఉన్న ఒకే ఒక్క దిక్కు. ప్రతి ఆదివారం ఎల్లారెడ్డి పక్కనున్న ఈ ఊరికి బండి మీద వచ్చి, ప్రార్థన అయ్యాక ఆమె చెల్కకు, ఆ మెట్ట పొలానికి వెళ్లి మోటరు చూసి, పైపులు సరిచేసి, వదిన వండిపెట్టింది తిని పోయేవాడు. ఆమె కూతురు కృపాజ్యోతిని నర్సింగులో చేర్పించిందీ అతనే. అతన్ని దూరం చేసుకుంటే తనకు ఇంకెవరూ లేరని సాలవ్వకు తెలుసు. తెలిసే అనుమానపడింది. అందుకే ఆ అనుమానం ఆమెను అంతగా కాల్చింది.

ఆ చెల్క గుట్ట వాలులో ఉంది. నిజాంసాగర్ ఎంత దగ్గరున్నా కాలువ నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు. పైన అంతా గులకరాళ్లు, వాటి కింద పేరుకు ఇంత ఎర్రమన్ను. పెద్ద వాన పడితే నీళ్లు లోపలికి దిగక మడుగు కట్టేవి. వాన నాలుగు రోజులు ముఖం చాటేస్తే అదే నేల పెంకులా ఎండేది. పెసరో, జొన్నో వేసుకుని ఊరుకుంటే ఏదో కొంత చేతికొచ్చేది. కానీ అక్కడ నిమ్మతోట పెట్టాలని జాన్‌కు ఒకటే కోరిక. అతను పోయాక ఆ కోరిక తీర్చాల్సిందేనని సాలవ్వ పట్టుబట్టింది. అబ్రాహాము మొదట నసిగాడు. తర్వాత తనే మనుషుల్ని తెచ్చి గుంతలు తీయించి, ట్రాక్టరుతో చెరువు మట్టి తోలించి, మొక్కలు పెట్టించాడు. రెండేళ్లు బాగానే పెరిగాయి. కాపుకొచ్చే వేళకు ఆకులు పచ్చబారి, కొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చాయి.

ఇప్పుడు సాలవ్వకు అన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకొచ్చాయి. గుంతలు తీసిన రోజు "ఎండల నువ్వెందుకు వదినా, ఇంటికాడ ఉండు" అన్నాడు. ఎందుకన్నాడు? ఒక వానాకాలం కాంక్రీటు కలిపే మిల్లరు తెచ్చి, పట్నంలో జాగ లేదని చెల్క గట్టు మీద నిలిపాడు. అంత కామారెడ్డిలో జాగ లేదా? పైగా "రోడ్డు పెద్దగయితున్నది, ధర వస్తది, ఈ చెల్క అమ్మేసి కామారెడ్డిల ఉండరాదు వదినా" అని కూడా అన్నాడు. అదీ సంగతి. గుంత గుంతకూ అడుగున ఇంత సిమెంటు పోసి, పైన చెరువు మట్టి కప్పాడు. చెట్లు చస్తే వదిన విసిగి చెల్క తనకు వదిలేస్తుందని!

గుంతలన్నిటికీ పోయాలంటే ఎంత సిమెంటు కావాలో స్లాబు పని చేసిన మనిషికి తెలియక కాదు. ఆ ఆలోచనను దగ్గరికి రానివ్వలేదు, అంతే.

ఒక ముక్క పగలగొట్టి, కొంగులో కట్టుకుని పక్క చెల్క కమలవ్వ దగ్గరికి పోయింది. కమలవ్వ ఎవరి ఇంటి గొడవనైనా తన ఇంటి పండుగలా చూసుకునే మనిషి. ముక్కను అటు తిప్పి, ఇటు తిప్పి, బుగ్గ మీద చెయ్యేసుకుంది.

"అమ్మో, గిది సిమెంటే గదనే సాలవ్వా! మా కొడుకు ఇల్లు కట్టినంక గిసొంటి పెడ్డలే మిగిలినయి. అయినోడే గింత పని చేసిండా!"

ఇక చూడాలి. ఆ వారం సాలవ్వకు అన్నం సహించలేదు. మధ్యలో అబ్రాహాము ఫోన్ చేసి "చెట్లెట్లున్నయి వదినా?" అని అడిగాడు.

"నీకే తెల్వాలె" అంది.

అవతల అతను మోటరు సంగతి ఎత్తి మాట మార్చాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకట్లా మాట మారుస్తాడు అనుకుంది సాలవ్వ. ఫోన్ పెట్టేసి కసితీరా ఏడ్చింది.

ఆ ఆదివారం సంస్కారపు ఆదివారం. ప్రభువు రొట్టె పంచే రోజు. ఆ ఊరి చర్చి సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. మనసులో సాటి మనిషి మీద కోపం ఉన్నవాళ్లు రొట్టె ముట్టకూడదు. లేవకుండా చాప మీదే కూర్చుండిపోవాలి. సంఘపెద్ద వచ్చి ఎవరితోనని అడుగుతాడు. దాచకుండా చెప్పాలి, ఆ రోజే తేల్చుకోవాలి. చిన్నా చితకా కోపాలైతే జనం మింగేసుకుని లేచి వెళ్లి రొట్టె తీసుకుంటారు. సాలవ్వ లేవలేదు.

సంఘపెద్ద యాకూబు దగ్గరికొచ్చి వంగాడు. "ఎవరితోని చెల్లె?"

"మా మరిదితోని. నా నిమ్మచెట్ల కింద సిమెంటు పోసిండు యాకూబన్నా. ఆ చెల్క నా చేతిలకెంచి పోవాల్నని పోసిండు."

గుడి మొత్తం విన్నది. అబ్రాహాము అప్పటికే వరసలో నిలబడి, రొట్టె కోసం అరచేతులు చాపి ఉన్నాడు. ఆ చేతులు మెల్లగా దించుకుని, రొట్టె తీసుకోకుండా వెనక్కి వచ్చాడు.

"నడువుండ్రి, చెల్కకు పోదాం. వదిన ఏడ చూపిస్తే ఆడ తవ్వుత" అన్నాడు.

ఆదివారపు తెల్లచొక్కాతోనే గడ్డపార పట్టాడు. సాలవ్వ అతని ముఖం చూడకుండా మొదటి చోటు చూపించింది. రెండు చెట్ల వరసల నడుమ, ఎప్పుడూ గుంత తీయని చోటు. గులకరాళ్లు లేచాయి, ఎర్రమన్ను లేచింది, ఆ తర్వాత 'ఖంగు'మంది. తెల్లటి పొర.

"గుంతలకెంచి ఇటు పారి ఉంటది" అంది సాలవ్వ.

ఆమె గట్టు దాటి కమలవ్వ చెల్కలోకి నడిచి, నడిమధ్యలో కాలితో గీత గీసింది. అక్కడా అదే లోతులో, అదే చప్పుడు. నాగలి దిగినంత మేరే తన భూమిని ఎరిగిన కమలవ్వ లబోదిబోమంది. "అయ్యో, నా చెల్కల సుత పోసిండా!" జనం నవ్వారు. యాకూబు కళ్లెర్రజేస్తే ఊరుకున్నారు.

సాలవ్వ నవ్వలేదు. బండి కూడా ఎక్కని చోటు వెతుక్కుంటూ గుట్ట మీదికి, ముళ్లపొదల్లోకి పోయి "గీడ తవ్వు" అంది. అబ్రాహాము ఎక్కాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. అక్కడ మన్ను మరీ పలచన. రెండు పోట్లకే పొర తగిలింది.

యాకూబు ఒక పెడ్డ తీసి సాలవ్వ చేతిలో పెట్టాడు. "చూడు చెల్లె, రాళ్ల అడుగుకు తెల్లగ ఎట్ల పట్టిందో. గిది సున్నం. వాన నీళ్లతోని దిగి, ఎండకు ఆరి, రాళ్లను అతికించుకుంట ఎన్ని తరాల సంది పేరుకున్నదో. నీళ్లు దీన్ని దాటి దిగయి. వేరు గుచ్చుకోలేక పక్కకు తిరుగుతది. గిది మనిషి పోసింది కాదు."

అక్కడితో ఆమె తల దించుకుని ఉంటే బాగుండేది. చెట్లు పోయినా మనిషి మిగిలేవాడు. కానీ వారం రోజులు లోపల కాగిన అనుమానం ఒక దారి మూసుకుపోగానే ఇంకో దారి చూసుకుంది.

"అయితే నీకు ముందుగాలే ఎరికెనా?" అంది అబ్రాహాము వైపు తిరిగి.

అతను ముఖం తిప్పుకున్నాడు.

"ఎరికే! అందుకే ఆ దినం నన్ను రానియ్యలే. అందుకే చెర్వు మట్టి తెచ్చి కప్పినవ్. కింద గిట్లున్నదని తెలిసి నాతోని చెట్లు పెట్టిపిచ్చినవ్. ఎప్పుడు తెలిసింది నీకు?"

"వద్దు వదినా. గది అడగకు."

"చెప్పాలె. గీడనే, అందరి ముంగట చెప్పాలె."

అబ్రాహాము గడ్డపారను నేలమీద పడుకోబెట్టాడు.

"అన్న పోయిననాడు బొంద తవ్వుతుంటే తెలిసింది. మన బొందలగడ్డ గూడ గీ గుట్ట కిందిదే గదా. మోకాళ్ల లోతుల తగిలింది. గడ్డపార వంగింది గాని అది పగులలే. వాన కొడుతుండె. అన్న పెట్టె తెచ్చి అందరు నిలబడ్డరు. ఇగ గంత లోతులనే దించినం. కుక్కలు తోడుతయని భయమై, మల్ల నాడు పొద్దుగాల నేనొక్కన్నే పోయి బండలు పేర్చి సిమెంటు పోసిన. ఈ ఊర్లె నేను సిమెంటు పోసింది ఆ ఒక్క కాడనే." నుదుటి చెమట తుడుచుకున్నాడు. "నువ్వు నిమ్మతోట అన్ననాడు, ఈ నేల పనికిరాదు అందామంటే నీకెట్ల తెలుసు అంటవు. అన్న గంత పైపైనే పండుకున్నడని నీకెట్ల చెప్పాలె? అందుకే గుంతలు వెడల్పుగ తీయించిన. మంచి మట్టి పోస్తే బతుకుతయేమో అనుకున్న. అమ్మేయమన్నది గూడ అందుకే."

సాలవ్వ తవ్విపోసిన మన్ను మీద కూలబడింది. తన మనిషి మీద అన్నేళ్లుగా నిండుగా మన్ను ఉందనుకుంది. లేదు. ఆ బాధ తను మోయాల్సిన చోట ఇన్నాళ్లూ మరిది ఒక్కడే మోశాడు. చెయ్యి చాపి అతని పాదం పట్టుకుంది.

"నమ్మిన అబ్రాహామూ. ఇప్పుడు నమ్మిన" అని ఏడ్చింది.

అబ్రాహాము వంగి, ఆమె చెయ్యి నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"మూడు గుంతలు నువ్వు తవ్వుమన్నవ్, తవ్విన. నాలుగోది అన్న బొంద, వదినా. అది నాతోని తవ్విపియ్యకముందే నమ్ముతవనుకున్న."