రబ్బరు బిరడా

జనవరి రెండో ఆదివారం ఉదయం మా అక్క రెబ్కా పోయింది. ఏడు గంటలకు వంటగదిలో గుండె పట్టుకుని కింద కూర్చుంది. ఎనిమిదిన్నరకు, తాను పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేసిన ఆసుపత్రిలో, తనతో డ్యూటీ చేసినవాళ్ళ చేతుల్లోనే పోయింది. ఆ గంటన్నరలో ముప్పై ఐదు నిమిషాలు మేము ధౌలా కువాన్ ఇవతల, పొగమంచులో, ఆగిపోయిన కారు దగ్గర ఉన్నాం.

కారు నడిపింది బావ రాజరత్నం. ద్వారకా నుంచి బయలుదేరిన పది నిమిషాలకు ఎర్రగా ఆయిల్ లైటు వెలిగింది. ఆపే పరిస్థితి కాదు కనుక ఆయన ఆపలేదు. ఇంకాస్త దూరం పోయాక ఇంజను ఒక పెద్ద చప్పుడు చేసి బిగుసుకుపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాం, అది వచ్చేసరికే అంతసేపు పట్టింది. ఆటోలకు చెయ్యెత్తాం. ఆ మంచులో ఎవరికీ కనపడలేదేమో, ఒక్కటీ ఆగలేదు. వెనక సీట్లో అక్క నా ఒళ్ళో తల పెట్టుకుని, "ఏవండీ, మీ డబ్బా అలిగిందేమో, ఓసారి పలకరించండి" అంది. ఆయన్ని నవ్వించాలనే అంది. ఆయన బానెట్ ఎత్తి, ఇంజను పక్కన తాను బిగించుకున్న డబ్బా మూత తీసి చూశారు. డబ్బా అంచు దాకా నిండి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరును ఆయన ఒక్కటే అడిగారు.

"అరగంట ముందు తెచ్చి ఉంటే?"

"కహనా ముష్కిల్ హై" అన్నాడు డాక్టరు. చెప్పడం కష్టమట.

ఆ డబ్బా గురించి చెప్పాలి. బావ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. ఆయనకు పిల్లలు లేరు, కారు ఉంది. ఢిల్లీలో నాకు కెమిస్ట్రీ టీచరు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి, అంటే ఎనిమిదేళ్ళుగా, నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. కిందటి వేసవిలో ఒకరోజు ఆయన కరోల్ బాగ్ నుంచి నల్లటి అల్యూమినియం డబ్బా ఒకటి తెచ్చి, సాయంత్రం దాకా కష్టపడి ఇంజను పక్కన బిగించారు. నన్నూ అక్కనూ కిందికి పిలిచారు.

"ఇంజను కూడా ఊపిరి వదులుతుంది టీచరమ్మా. లోపల మండే గ్యాసు కొంత పిస్టన్ల పక్కనుంచి జారి, అడుగున ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. అది బయటికి పోవాలి. పోతూ పోతూ ఆయిల్ ఆవిరిని వెంటేసుకుపోతుంది. కంపెనీవాడు దాన్ని మళ్ళీ ఇంజనుకే తాగిస్తాడు. నేను మధ్యలో ఈ డబ్బా పెట్టాను. ఆయిలు ఇందులో ఆగిపోతుంది, ఉత్త గాలి ఈ పైపులోంచి కిందికి పోతుంది."

"మా వార్డులో దీన్ని డ్రెయిన్ బ్యాగ్ అంటాం" అంది అక్క. "రోజూ అవే చూసి చస్తున్నాను. ఇంటికొచ్చినా తప్పదా?"

"నీ పేషెంట్ల కంటే ఇది నయమే. బెల్లు కొట్టదు."

"ఎవరినైనా ఇలా పిలిచి పెళ్ళాన్ని ఎప్పుడైనా చూపించారా?"

"నీకు మూత ఊడదుగా, ఏం చూపించను" అన్నారాయన. అక్క చేతిలో ఉన్న తువ్వాలుతో ఆయన్ని కొట్టింది.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన ఆ డబ్బా ఖాళీ చేసేవారు. చలికాలంలో లోపల నీరు చేరి, పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చేది. దాన్ని ఒక సీసాలోకి వంచి, ఎంత వచ్చిందో వెలుతురులో పట్టి చూసుకునేవారు.

డిసెంబరు చివర ఆయన ఆఫీసు పని మీద భోపాల్ వెళ్ళారు. రెండు వారాలు. అక్క డ్యూటీకి కారు తీసుకువెళ్ళేది. చలికి డబ్బా తొందరగా నిండిపోయింది. నిండింది కింది పైపులోంచి మా పార్కింగ్ జాగాలో చుక్కలు చుక్కలుగా పడింది. వాచ్‌మన్ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి సొసైటీవాళ్ళు అద్దానికి కాగితం అంటించి పోయారు. అక్క బావకు ఫోన్ చేసింది.

"శనివారం వచ్చేస్తున్నాగా. ఆదివారం చూస్తాను. అప్పటిదాకా కింద అట్టముక్క పరవమను టీచరమ్మని" అన్నారు.

నేను అట్టముక్క పరిచాను. మర్నాటికి అది నాని, మరక ఇంకా పెద్దదైంది. నాకు మరకలు గిట్టవు. సోమవారం బడి ల్యాబులోంచి ఆ పైపుకు సరిపోయే రబ్బరు బిరడా ఒకటి తెచ్చాను. సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పైపు కొసలో దూర్చాను. ఊడి వస్తుందేమోనని రాగి తీగతో నాలుగు చుట్లు బిగించాను. మరక ఆగిపోయింది. అక్కకు కూడా చెప్పలేదు. చెప్పేంత పని అనిపించలేదు.

శనివారం రాత్రి బావ వచ్చారు. "రేపు చర్చి నుంచి రాగానే డబ్బా సంగతి చూస్తాను" అన్నారు. బిరడా మాట అప్పుడు చెప్పుకోవచ్చులే అనుకుని నేను పడుకున్నాను.

కారును కరోల్ బాగ్ గ్యారేజీకి లాక్కుపోయారు. బావ దాని మొహం చూడనన్నారు. పది రోజుల తర్వాత నేనే వెళ్ళాను. మెకానిక్ భరద్వాజ్ మాకు పాతవాడే. డబ్బా అమ్మింది కూడా అతనే.

"దీదీ, సాబ్ ఫోన్లో ఊరికే డబ్బాని తిడుతున్నారు. డబ్బాలో ఏ తప్పూ లేదు" అన్నాడు హిందీలో. "యే దేఖో, ఇది చూడండి." నా అరచేతిలో బిరడా పెట్టాడు. "ఎవరో నోరు మూసేశారు. ఊపిరి పోయే దారి మూస్తే లోపలి ఒత్తిడి ఊరుకుంటుందా? ఇంజను వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలును తోసేసింది. ఐదారు రోజులు బండి నడిచినప్పుడల్లా కారి కారి, చివరికి ఆయిలంతా రోడ్డు మీద పోయింది. చేసినవాడు మాత్రం పక్కా పనిమంతుడు, దీదీ. తీగ తెంచడానికి నాకు కట్టర్ కావలసి వచ్చింది. కాలనీలో ఎవరికైనా మీమీద కోపమా?"

"తెలియదు" అని బిరడాను హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

నేను ప్రతి ఏటా తొమ్మిదో తరగతికి ప్రయోగశాలలో మొదటి రోజు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, వాయువు పుట్టే పాత్రకు బిరడా బిగించకూడదని. ఢిల్లీకి రాకముందు నుంచీ, పద్నాలుగేళ్ళుగా చెబుతున్నాను.

బావ పానాలూ రెంచీలూ గోనెసంచిలో మూటగట్టి అటక మీద పడేశారు. పలకరింపుకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పేవారు. కంపెనీవాడు పెట్టినదాన్ని కదిలించానని, డబ్బా నిండి అడ్డుపడిందని, భోపాల్ వెళ్ళేముందు ఖాళీ చేయలేదని. నలభయ్యో రోజున చర్చిలో, పోయినవాళ్ళ గురించి నలుగురూ లేచి సాక్ష్యం చెప్పే ఆదరణ కూడిక పెట్టాం. ముందురోజు సాయంత్రం ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"టీచరమ్మా, రేపు సాక్ష్యంలో చెప్పేస్తాను."

"ఏం చెబుతారు?"

"జరిగింది. నా చేతులతోనే చేశానని."

"బావగారూ, డబ్బాలో తప్పు లేదన్నాడు భరద్వాజ్."

"నువ్వు ఆడదానివని, బాధపడతావని అలా అన్నాడు. ఏం, వేరే ఏమైనా చెప్పాడా?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. నా హ్యాండ్‌బ్యాగు ఆయన పక్కనే, బల్ల మీద ఉంది.

"లేదు" అన్నాను.

"అదే మరి" అని ఆయన వెళ్ళిపోయారు.

కూడికలో ఆయన లేచి, తలవంచుకుని, అంతా చెప్పారు. గొంతు ఎక్కడా తడబడలేదు. ముందు వరుసలో అక్కతో పనిచేసిన నర్సులు ఏడ్చారు. పాస్టరుగారు, "ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అని అడిగి ఆగారు. మళ్ళీ అడిగారు. నేను లేచాను. అక్క నన్ను చదివించిన సంగతి, నైట్ డ్యూటీ నుంచి వచ్చి నాకు టిఫిన్ డబ్బా కట్టిన సంగతి చెప్పాను. అన్నీ నిజాలే. చెప్పి కూర్చున్నాను.

బయటికి వచ్చాక బావ నా దగ్గరకు వచ్చారు. "బాగా చెప్పావు టీచరమ్మా. నాకు ఇలాంటివి గుర్తు రాలేదు. నా గొడవే చెప్పుకున్నాను" అన్నారు.

కారును తుక్కుకు ఇచ్చేశారు. ఇప్పుడు ఆఫీసుకు మెట్రోలో వెళుతున్నారు. రాత్రిళ్ళు హాల్లో లైటు వెలుగుతూ ఉంటుంది. మార్చి మొదటి ఆదివారం చర్చిలో బల్ల ఆరాధన. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ ముందుకు వెళ్ళారు. బావ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. పాస్టరుగారు స్వయంగా వచ్చి పిలిచినా, తనకు ఆ యోగ్యత లేదని చేతులు జోడించారు. నేను వెళ్ళి తీసుకున్నాను.

ఏప్రిల్‌లో కూడా అలాగే జరిగింది.

బిరడా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఆయనకు నేను ఇంకా చెప్పలేదు.