నాన్న గొంతున్న ఫోను

మార్చి పంతొమ్మిదో తేదీ. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ముగ్గురూ బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ తిన్నారు. పొయ్యి మీద ఇంకేదైనా పెట్టే ఓపిక ఎవరికీ లేదు. గొంతులో పుండు ముదిరిందనీ, స్వరపేటిక మొత్తం తీసెయ్యక తప్పదనీ, ఆ తర్వాత మనిషి ఉంటాడు గానీ మాట ఉండదనీ డాక్టరు ఆ మధ్యాహ్నమే చెప్పాడు. చెప్పేముందు ఆయన తన కుర్చీని బల్ల ఇవతలికి, వీళ్ల పక్కకి జరుపుకున్నాడు. ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే.

ఇంటాయన బళ్లో డ్రిల్లు మాస్టారు. ఆయన మైదానంలో "అటెన్షన్" అంటే పిల్లలే కాదు, గోడ అవతల సైకిళ్ల మీద పోయేవాళ్లు కూడా వెన్ను నిటారు చేసేవాళ్లు. బడికి మైకు కొందామని ఎవరైనా అంటే హెడ్మాస్టరు, "ఉన్న మైకుకి నెలనెలా జీతం ఇస్తూనే ఉన్నాంగా" అనేవాడు. ఆ గొంతు బొంగురుపోతుంటే జలుబని కొన్నాళ్లు, అరుపుల వల్లేనని కొన్నాళ్లు నెట్టుకొచ్చారు.

కూతురు యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతోంది. బక్కపల్చగా ఉంటుందని తండ్రి పిచ్చుక అన్నాడు. ఇంట్లోనూ క్లాసులోనూ ఆ పేరే నిలిచిపోయింది. ఆ సెమిస్టరులో వాళ్లకి వెబ్, మొబైల్ యాప్‌ల తయారీ నేర్పుతున్నారు. ఇద్దరిద్దరు కలిసి ఒక యాప్ చేసి చూపించాలి. పిచ్చుక జట్టులోని కుర్రాడు ఎప్పుడూ ఎవరి చార్జరో అడుక్కుంటూ ఉంటాడు కాబట్టి వాడి పేరు చార్జరు. ఇద్దరూ క్యాంటీన్ టోకెన్ల కోసం ఒక యాప్ సగం దాకా తెచ్చారు.

గుడ్డు పెంకు వలుస్తున్న పిచ్చుక చెయ్యి ఆగిపోయింది.

"నాన్నా, నీ మాటలు ఇప్పుడే పట్టి పెడదాం. తెర మీద బొమ్మ నొక్కితే ఫోను నీ గొంతుతోనే మాట్లాడుతుంది. నేను చేస్తాను."

మాస్టారు ప్లేటు పక్కకి జరిపాడు. "అంటే ఇకమీదట నన్ను చార్జింగులో పెడితే గానీ మిమ్మల్ని తిట్టలేనన్నమాట," అన్నాడు. తల్లి నవ్వబోయి, నీళ్ల గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు ఈ సంగతి చెబితే చార్జరు మారుమాట్లాడకుండా క్యాంటీన్ యాప్‌ని పక్కన పడేశాడు. పని పంచుకున్నారు. ఫోనులో మాటలు పట్టడం, బొమ్మ నొక్కితే వినిపించడం పిచ్చుక వంతు. ఆ మాటలకి నకళ్లు తీసి సర్వరులో దాచడం, వాటిని చూసుకునే వెబ్ పేజీ చెయ్యడం చార్జరు వంతు.

ఆపరేషన్‌కి ముందు మిగిలిన సాయంత్రాలన్నీ వంటింటి బల్ల దగ్గరే గడిచాయి. కిటికీ మూసి, చప్పుడు చేసే ఫ్రిజ్ ఆపేసి, మాస్టారి ముందు ఆయన ఫోనే పెట్టేవాళ్లు. నీళ్లు కావాలి. నొప్పిగా ఉంది. కిటికీ తియ్యి. అవసరమైనవి అయిపోయాక అసలైనవి మొదలయ్యాయి. "పిచ్చుకా, తిన్నావా?" "వంగి కూర్చోకు, గూని వస్తుంది." "లైట్లు ఆర్పండి, కరెంటు మీ తాతదా?"

"వంట బాగుందని కూడా చెప్పించవే," అంది తల్లి అంట్లు తోముతూ. "ఇన్నేళ్లలో నోరు జారి కూడా అన్న పాపాన పోలేదు."

"ఫోను చేత కూడా అబద్ధాలాడిస్తావా?" అన్నాడు మాస్టారు.

ఆవిడ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లాక, ఆయనే ఫోనులో మాట పట్టే ఎర్ర చుక్క నొక్కి, "బాగుంది... చాలా బాగుంది" అన్నాడు మెల్లగా. పెరట్లో నీళ్ల చప్పుడు ఆగింది. ఆవిడ విన్నదో లేదో పిచ్చుకకి తెలియలేదు.

అన్నిటికన్నా కష్టమైంది ఒకే ఒక్క మాట. మాస్టారు భార్యని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవాడు. కళ్లజోడు కనబడకపోయినా ఇదిగో, జ్వరమొచ్చినా ఇదిగో, పేపర్లో వింత వార్త కనబడినా ఇదిగోనే. ఫోను ముందు పెట్టేసరికి ఆ మాట బళ్లో హాజరు పిలిచినట్టు వచ్చింది.

"మామూలుగా అను నాన్నా."

"మామూలుగా ఎలా అంటానో నాకేం తెలుసే? వినేది మీ అమ్మ, ఆవిణ్ణడుగు." ఆయన విసుక్కుని, ఇంకోసారి అన్నాడు. "ఇదిగో!"

"ఆ, వస్తున్నానండీ," అంది తల్లి పడగ్గదిలోంచి. తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్నే ఉంచారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాస్టారు మెడకి గొట్టంతో ఇంటికొచ్చి, మంచం మీద దిండుకి ఆనుకుని మొదట నొక్కింది "ఇదిగో" బొమ్మే. తల్లి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, ఆయన చేతిలో ఫోను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "గొంతు పోయినా విసుగు పోలేదు," అంది. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వారం పైన ఆ ఇల్లు అలా నడిచింది. ఒక్కటే ఇబ్బంది. బొమ్మలు చిన్నవి, ఆయన వేళ్లు వణుకుతున్నాయి. నీళ్లు నొక్కబోతే "గూని వస్తుంది" అని అరిచేది ఫోను. బొమ్మలు పెద్దవి చేసి సాయంత్రానికి తెచ్చేస్తానని పిచ్చుక ఆ ఫోను కాలేజీకి పట్టుకెళ్లింది.

వాళ్ల ల్యాబులో అన్ని రోగాలకీ ఒకటే మందు. యాప్ ఆగిపోయినా, తెర తెల్లబడినా, కొత్తది ఎక్కనన్నా, "తీసేసి మళ్లీ పెట్టు." సీనియర్లు అదే అనేవాళ్లు, ల్యాబ్ మేడమ్ తలెత్తకుండానే అదే అనేది. రోజుకి పదిసార్లు తీసేవాళ్లు, పదిసార్లు పెట్టేవాళ్లు. పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి సంగతులే కాబట్టి, తీసినప్పుడు ఏం పోతోందో ఎవరూ చూసుకునేవారు కాదు.

ఆ రోజు పిచ్చుక ఎప్పుడూ కూర్చునే కంప్యూటరు రిపేరుకి వెళ్లింది. పక్కదాని మీద కూర్చుంది. ఏ కంప్యూటరు మీద చేసిన యాప్‌కి ఆ కంప్యూటరు ముద్ర పడుతుంది. ముద్ర మారితే ఫోను పాతదాని మీద కొత్తదాన్ని ఎక్కనివ్వదు. ఎక్కనివ్వలేదు. పిచ్చుక చెయ్యి అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది. తీసేసి, మళ్లీ పెట్టింది.

కొత్త బొమ్మలు పెద్దగా, ముచ్చటగా వచ్చాయి. నీళ్ల బొమ్మ నొక్కింది.

"చార్జరూ, సౌండు రావట్లేదురా."

"వాల్యూమ్ చూడు తల్లీ. పెద్ద ఇంజినీరువి."

"ఫుల్లుగానే ఉంది."

వాడు వంగి చూశాడు. వాడి నవ్వు పోయింది. "పిచ్చుకా... పాతదాన్ని తీసేశావా?"

మాటలన్నీ ఆమె ఆ ఫోనులోనే, యాప్‌కుండే సొంత గదిలో దాచింది. అద్దెకున్నవాణ్ణి వెళ్లగొడుతూ సామాన్లతో సహా ఇల్లు కడిగేసినట్టు, యాప్‌తో పాటే అవీ పోయాయి.

"సర్వరులో నకళ్లున్నాయి కదరా?"

చార్జరు కుర్చీలో కూలబడ్డాడు. "లాగిన్ దగ్గర ఆగిపోయింది. వచ్చే వారం చేద్దాంలే అనుకున్నా." కాసేపటికి, "తిట్టు. ఏదో ఒకటి అను పిచ్చుకా," అన్నాడు. ఆమె వాడి భుజం మీద చెయ్యేసి లేచి, మేడమ్ దగ్గరికి వెళ్లింది.

మేడమ్ ఆ పూట భోజనానికి వెళ్లలేదు. పోయినవాటిని వెతికిపెడతాయనే సాధనాలన్నీ పెట్టి చూసింది. ఆఖరికి ఫోను బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని పిచ్చుక పక్కన కూర్చుంది. "మందు చెప్పింది నేనే," అంది. "పథ్యం చెప్పలేదు."

పాత వీడియోలేమైనా ఉన్నాయా అని అడిగాడు చార్జరు. ఉన్నదొక్కటే. ఆటల పోటీల నాటిది. అందులో మాస్టారు మొదటినుంచి చివరిదాకా ఈల ఊదుతూనే ఉన్నాడు.

పిచ్చుక ఇల్లు చేరేసరికి మాస్టారు ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. తల్లి చేతిలో మడతపెడుతున్న దుప్పటి అలాగే ఉండిపోయింది.

మాస్టారు ఒక్కో బొమ్మా నొక్కుకుంటూ పోయాడు, పర్సు పోయినవాడు జేబులన్నీ తడుముకున్నట్టు. చివరిదైన "ఇదిగో" బొమ్మ మీద వేలు చాలాసేపు ఉంచాడు. మెడలోని గొట్టంలోంచి గాలి ఒక్కసారి బరువుగా వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా.

"కంప్యూటరు గొంతు పెట్టొచ్చు నాన్నా," అని పిచ్చుక వినిపించింది. నాకు దాహంగా ఉన్నది, అంది అది.

"రైలొస్తోందని చెప్పినట్టుంది. ఆపవే తల్లీ," అంది అమ్మ.

మాస్టారు కూతురి నోటి వైపు వేలు చూపించి, ఫోను వైపు చూపించాడు. నువ్వే చెప్పు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ చూపించాడు. ఆమె గొంతు వణికితే చేత్తో గాలిలో కొట్టాడు, మైదానంలో పిల్లల్ని సరిచేసినట్టు. ఛాతీ ముందుకి. గట్టిగా. మళ్లీ. అలా ఒక్కో మాటా అయింది. తిట్లు కూడా. తన్ను తాను "వంగి కూర్చోకు" అని తిట్టుకుంటుంటే ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

చివరికి "ఇదిగో" కూడా చెప్పింది. మాస్టారు నొక్కాడు.

"ఏమిటే?" అంది తల్లి వంటింట్లోంచి.

మాస్టారు ఇంకోసారి నొక్కాడు.

"ఊరికే పిలుస్తావేం? చేతులు ఖాళీ లేవే, నువ్వే రా."

మాస్టారు మొహంలో నవ్వు ఆరిపోయింది. ఫోను కూతురి చేతిలో పెట్టి, ఆ మాట చెరిపెయ్యమని సైగ చేశాడు. ఆమె చెరిపేసింది. బొమ్మ మాత్రం ఆయన తీసెయ్యనివ్వలేదు.

చార్జరు రెండు రోజులు కూర్చుని సర్వరు పని పూర్తి చేశాడు. పరీక్షకొచ్చిన ప్రొఫెసరు అన్నీ నొక్కి చూసి, చివరి బొమ్మ దగ్గర ఆగాడు. "ఇది పలకడం లేదేం?"

"అది అంతేనండీ," అంది పిచ్చుక.

"పని చెయ్యని బొమ్మ ఎందుకు పెట్టారు?"

చార్జరు ఏదో చెప్పబోయాడు. పిచ్చుక వద్దన్నట్టు చూసింది. ప్రొఫెసరు మార్కులు తగ్గించాడు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక పిచ్చుక హాల్లో పుస్తకాలు సర్దుకుంటోంది. పడగ్గదిలో మాస్టారు దిండుకి ఆనుకుని, ఫోను పొట్ట మీద పెట్టుకుని ఉన్నాడు. ఆయన వేలు ఆ చివరి బొమ్మ మీదికి వెళ్లడం ఆమె చూసింది. నొక్కాడు. చప్పుడేమీ రాలేదు. తల్లి వంటింట్లో వీపు అటు తిప్పి, పొయ్యి తుడుస్తూనే ఉంది. ఆయన కాసేపు చూసి, ఫోను బల్ల మీద పెట్టేసి కళ్లు మూసుకున్నాడు.

పొయ్యి తుడవడం అయ్యాక తల్లి చేతులు ఆరబెట్టుకుని, మందుల గిన్నె పట్టుకుని ఆ గదిలోకి వెళ్లింది. "పిలిచారా?" అంది.

ఆయన లేదన్నట్టు తల ఊపాడు.

"సరే లెండి," అంది. మందు తాగించి, మెడకింద దిండు సరిచేసి, దుప్పటి కప్పింది. తర్వాత గుమ్మం దాకా వచ్చి, "పడుకోవే," అని కూతురితో అని, లోపల్నించి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.