తేలిక స్ప్రింగులు

"ఇవాళ ఎవరి పళ్లూడగొట్టావ్?" అంటూ మా ఆయన భోజనాల బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నారు. కీబోర్డు మీటలు నూట నాలుగు. సబ్బునీళ్లలో కడిగి పాత తువ్వాలు మీద బోర్లా ఆరబెట్టాను. వాటిని చూసినప్పుడల్లా ఆయన వేసే జోకు అదే. నేను నవ్వకపోతే నా వంతు నవ్వు కూడా ఆయనే నవ్వేస్తారు. తువ్వాలు నాలుగు కొసలూ కలిపి మూటలా ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టాను. బల్ల తుడిచి కంచం పెట్టాను. వరుస తప్పిన మీటలన్నీ మళ్లీ మొదట్నుంచి ఏరుకోవాలి. అలాంటివి మా ఇంట్లో పని కిందికి రావు.

పెళ్లికి ముందు నుంచీ ఒకే ఆఫీసులో పదకొండేళ్లు డేటా ఎంట్రీ చేశాను. కొత్త కీబోర్డులు వస్తే ముందు మగవాళ్ల బల్లల మీదికి వెళ్లేవి, వాళ్లు వాడి పడేసినవి మాకు వచ్చేవి. ఇరుక్కుపోయిన మీటని తలపిన్నుతో లేపడం అక్కడే నేర్చుకున్నాను. నాలుగేళ్ల కిందట అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇంట్లో ఎవరు ఉండాలన్న చర్చే రాలేదు. "నీది ఎలాగూ టైపు కొట్టే ఉద్యోగమేగా" అన్నారు ఆయన. ఆ మాటతో పదకొండేళ్లు ముగిసిపోయాయి. అత్తయ్యకి మందులు, ఒళ్లు తుడవడం, పట్టుకుని నడిపించడం, మధ్యలో వంట. ఆవిడ మీద నాకు కోపం లేదని అందరితో అనేదాన్ని. ఉండేది. పక్క దుప్పటి మారుస్తున్నప్పుడు చేతుల్లో తెలిసేది.

ఆ మరుసటేడు మా ఆయన తన కొత్త మెకానికల్ కీబోర్డు మీద టీ ఒలకబోసుకున్నారు. "పోయింది, పారెయ్" అన్నారు. పారెయ్య బుద్ధి కాలేదు. విప్పి చూశాను. ప్రతి మీట కిందా దానిదే ఒక చిన్న స్విచ్ రెండు కాళ్లతో బోర్డుకి అతుక్కుని ఉంది, లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు. ఒకటి పాడైతే ఆ ఒక్కదాన్నే పెరికి కొత్తది పెట్టొచ్చు. మొత్తం పారెయ్యక్కర్లేదు. ఆ సంగతి తెలిసిన రోజు నాకెందుకంత సంతోషం వేసిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోయే రెండు గంటలూ నావి. వీడియోలు చూసి, సీసం కరిగించి అతికే సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఒక బోర్డు కాల్చాను, బొటనవేలు కాల్చుకున్నాను. బొబ్బ చూసి ఆయన "వంట చేసేటప్పుడు కూడా పరధ్యానమేనా" అన్నారు.

బాగుపడిన కీబోర్డు ఆయనతో పాటు ఆఫీసుకెళ్లింది. నెల తిరక్కుండా తోటివాళ్లవి రావడం మొదలైంది. "స్పేస్ బార్ గలగలమంటోందట, చూడు." "ఇందులో అంకెలు పడట్లేదట." ఒకరోజు ఆయన స్నేహితుడు ఫోన్‌లో, అందరికీ వినపడేలా, "నీ చేతిలో ఏదో మహత్తు ఉంది గురూ" అన్నాడు. మా ఆయన నా వంక చూడకుండా, "ఏదో, హాబీలే" అన్నారు. నేను ఆయన టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. నా చేతిలోంచి ఏదీ జారిపడలేదు. ఇంతకీ నాకేం పోయింది, అనుకున్నాను. ఏదో పోయిందని మాత్రం గిన్నెలన్నీ కడగడం అయ్యేదాకా తెలుస్తూనే ఉంది.

మొన్న ఒక ఆదివారం పొద్దున ఆ స్నేహితుడి అక్కగారు మా ఇంటికి వచ్చారు. కోర్టులో తీర్పులు టైపు చేస్తారు. చంకలో కీబోర్డు, కుడిచేతి వేళ్ల కణుపులన్నీ వాపు.

"ఇంకో నాలుగేళ్లు సర్వీసుంది బాబూ. సాయంత్రమయ్యేసరికి పిడికిలి బిగుసుకోదు. మానేసి ఇంట్లో కూర్చోమంటున్నారు అందరూ. ఈ మీటలు కాస్త మెత్తగా దిగేట్టు చేస్తారా?"

"అదెంత పనండీ! రెండు చుక్కలు నూనె వేస్తే సరి" అన్నారు మా ఆయన.

టీ పళ్లెంతో వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. నూనె వేస్తే దుమ్ము పట్టి నెలలోపే బిగుసుకుపోతుంది. ఆవిడ వేళ్లు పూర్తిగా పోతాయి.

"నూనెతో అవుతుందా? స్ప్రింగులు మార్చాలేమో అన్నాడు తమ్ముడు."

ఆయన నా వైపు చూశారు. నన్ను కాపాడు, కానీ కాపాడినట్టు తెలియనివ్వకు, అనే చూపు. పెళ్లయినప్పటి నుంచీ నాకు తెలిసిన చూపే. ఆయన చూస్తారు, పెట్టి వెళ్లండి, అనడానికి నోరు కూడా తెరిచాను.

అప్పుడు లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు. "వాడికి బల్బు మార్చడం కూడా రాదమ్మా! అవన్నీ చేసేది మా కోడలు. అమ్మాయినడుగు!"

ముందు తేరుకున్నది వచ్చినావిడే. కుర్చీ నా వైపుకి తిప్పుకుని, "మరి చెప్పరేం! రండి మెకానిక్ గారూ, ఇలా కూర్చోండి" అన్నారు.

నన్ను ఎవరైనా కోడలనీ, అమ్మాయనీ, మా ఆవిడనీ కాకుండా నేను చేసే పనితో పిలవడం అదే మొదటిసారి. కూర్చోవాలంటే చేతిలో పళ్లెం ఉంది. మా ఆయన లేచి అందుకున్నారు. ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ ఒక్కో మీట మీద పెట్టి అడిగాను, ఇక్కడ నొప్పా, ఇక్కడా, అని.

"అన్నిటికీ ఒకే రకం వద్దండీ. చిటికెన వేలు, ఉంగరం వేలు నొక్కేవాటికి బాగా తేలికవి వేస్తాను. చూపుడు వేలికి కాస్త గట్టివి ఉండాలి, లేకపోతే చెయ్యి ఆనితే చాలు, అక్షరాలు పడిపోతాయి."

పళ్లెం పట్టుకుని నిలబడే విన్నారు మా ఆయన. నేను అంతసేపు మాట్లాడగా ఆయన వినడం ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు.

నాలుగు రోజులకి ఆవిడ వచ్చి, మా బల్ల దగ్గరే ఒక పేజీ కొట్టి, పిడికిలి బిగించి విప్పి చూసుకున్నారు. "నొప్పి పోలేదు తల్లీ. కానీ ఈ కీబోర్డు నాతో పోట్లాడటం మానేసింది. నాలుగేళ్లు లాగేస్తాను" అన్నారు.

ఆ సాయంత్రం అత్తయ్య కాళ్లకి మందు రాస్తూ అడిగాను. "ఆ రోజు ఎందుకలా అనేశారు? మీ అబ్బాయి చిన్నబోయారు."

"కోలుకుంటాడులే. మీ మావగారు బడి నుంచి తెచ్చే పరీక్ష పేపర్లు ముప్పయ్యేళ్లు దిద్దిందెవరనుకున్నావ్? నేను. మాస్టారి దిద్దుబాటంటే దిద్దుబాటే అని సన్మానం చేశారాయనకి. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను."

"మీరెప్పుడూ చెప్పలేదా?"

"చెప్పడానికి నాకు నాలాంటి అత్త ఎక్కడుంది?"

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ పైకప్పు వంక చూస్తూ అన్నారు. "మధ్యాహ్నాలు నేను నిద్రపోతాననుకున్నావు కదూ? నాకు పగలు నిద్రెక్కడిది? కళ్లు తెరిస్తే పని వదిలేసి లేచొస్తావని మూసుకుని పడుకునేదాన్ని. నీ టకటకలు వింటూ."

నా చెయ్యి ఆవిడ మోకాలి మీదే ఆగిపోయింది. ఆ రెండు గంటలూ నేను దొంగిలించుకున్నవనుకున్నాను. రోజూ ఎవరో ఇస్తుంటే తీసుకున్నానని తెలియదు. ఉద్యోగం పోవడానికి కారణం అనుకుని లోపల్లోపల ఎవరి మీద కత్తులు నూరానో, ఆ మనిషే మూడేళ్లుగా గోడవైపు తిరిగి, దాహం వేసినా పిలవకుండా పడుకుంది. ఇంకొంచెం మందు తీసుకుని రెండో కాలికి రాశాను, ఎప్పటికంటే నెమ్మదిగా.

సోమవారం మా ఆయన ఆఫీసు నుంచి ఇంకో కీబోర్డు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇదెవరిదో వాళ్లని నాతో మాట్లాడమనండి. వాళ్ల చేతులెలా ఉన్నాయో, ఏం కావాలో నేనే అడగాలి. అడక్కుండా ఇక ఏదీ విప్పను."

"ఏమని చెప్పను?"

"ఉన్నదే చెప్పండి."

ఫోన్ తీసి నంబరు కలిపారు. "ఆఁ సార్... కీబోర్డు సంగతి... అంటే, అది నేను కాదు సార్. మా ఆవిడ చేస్తుంది." చివరి ముక్క గొణిగినట్టే వచ్చింది.

"ఏంటీ?" అన్నారు అత్తయ్య లోపల్నుంచి. "నాకే వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది? గట్టిగా చెప్పరా!"

మా ఆయన గొంతు సవరించుకుని మళ్లీ చెప్పారు.